మన పొట్టల మీద చేసిన సైన్స్ మనకే రాలేదు

గట్ బ్యాక్టీరియా అంటే ఏంటో ఇప్పుడు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫోన్ తెరిస్తే అదే, పేగుల్లో లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయనీ, అవి బాగుంటే అరుగుదల బాగుంటుందనీ, లేకపోతే గ్యాసు దగ్గర్నుంచి షుగరు దాకా అన్నీ వస్తాయనీ ప్రతి రీల్‌లోనూ చెప్తూనే ఉన్నారు. ఆ ముక్క వదిలేసి నేరుగా విషయానికొస్తా.

2017లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక ట్రయల్ ఫలితం వచ్చింది. అమెరికాలోనో జపాన్‌లోనో చేసింది కాదు, ఒడిశా పల్లెల్లో చేసింది. 149 ఊళ్ళు, 4,556 మంది పసిబిడ్డలు. బిడ్డ పుట్టిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలుపెట్టి వారం రోజులు, సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియా, దానికి మేతగా ఒక రకం పీచు కలిపిన పొడి ఇచ్చారు, మిగతా సగం మందికి అలాగే కనపడే ఉత్తి పొడి ఇచ్చారు, రెండు నెలలు కనిపెట్టి చూశారు. ఉత్తి పొడి తాగిన పిల్లల్లో నూటికి 9 మందికి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కి ఒళ్ళంతా పాకడం) రావడమో ప్రాణం పోవడమో జరిగింది. బ్యాక్టీరియా పొడి తాగిన వాళ్ళలో అది 5.4కి దిగింది. అంటే పది మందికి రావాల్సిన ముప్పు ఆరుగురికే వచ్చింది. తేడా అంత గట్టిగా కనపడేసరికి ట్రయల్‌ని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. నడిపించింది అప్పుడు అమెరికా నెబ్రాస్కా యూనివర్సిటీలో ఉన్న డాక్టర్ పినాకి పాణిగ్రాహి. ఖర్చు బిడ్డకి ఒక డాలర్ దగ్గర్లో అని అప్పట్లో చెప్పారు.

పుట్టిన బిడ్డ పేగు ఖాళీ నేల లాంటిది, అక్కడ ముందు ఏ విత్తనం పడితే అది నాటుకుంటుంది. పల్లెల్లో, ఆస్పత్రి వార్డుల్లో మొదట చేరేవి చాలాసార్లు చెడ్డవే, అవి పేగు గోడ దాటి రక్తంలో కలిస్తే సెప్సిస్. వాటికంటే ముందే మంచి బ్యాక్టీరియాని అక్కడ కూర్చోబెట్టేస్తే చెడ్డదానికి చోటు దొరకదు. ఇంత సూటిగా ఉండే ఆలోచనని ఇంత మంది పిల్లల మీద, ఇంత బీద ఊళ్ళల్లో నిరూపించడం ఈ రంగంలో చాలా అరుదు. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునున్న మా రాయగడలో పురిట్లో బిడ్డ పోయిన ఇల్లు లేని వీధి నాకు తెలీదు. ఇన్నేళ్ళయింది. మా వీధి ఆశా అక్క బ్యాగులో ఓఆర్‌ఎస్ ఉంది, జింక్ ఉంది, ఐరన్ మాత్రలున్నాయి, ఈ పొడి లేదు. ఇలాంటి బ్యాక్టీరియా పేరుతో రంగురంగుల సీసాలు మాత్రం విశాఖపట్నం సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో కనపడుతున్నాయి, ఏ జబ్బూ లేని వాళ్ళు కొనుక్కెళ్తున్నారు.

నా మాట ఒకటే. పేగుల సైన్స్‌లో ప్రాణాలు కాపాడే ఫలితాలు మనలాంటి ఊళ్ళల్లోనే వచ్చాయి, వ్యాపారం పట్నాల్లో జరుగుతోంది, మధ్యలో మనం మిగిలిపోయాం.

కలరా సంగతి చూడండి. 2007లో ఇక్కడి కాశీపూర్ వైపు, అటు కోరాపుట్, కలహండి దాకా ఎంత మందిని తీసుకెళ్ళిందో ఈ జిల్లాలో పెద్దవాళ్ళకి ఇంకా గుర్తే. 2022 జులైలో మళ్ళీ అదే కాశీపూర్ బ్లాకు. 2024 అక్టోబరులో సరిహద్దుకి అటువైపు విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం. ప్రతిసారీ అదే వరస, గెడ్డ (వాగు) నీళ్ళు, బురద, సెలైన్ సీసాలు, మంత్రి పర్యటన, నెలకి మర్చిపోవడం. ఇందులో పేగు బ్యాక్టీరియాకి ఏం సంబంధం అంటారా, ఉంది, అది కనిపెట్టింది కూడా మన దక్షిణాది వాళ్ళే. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ రామకృష్ణ బృందం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో ఒక పని ప్రచురించింది. 48 మంది కలరా రోగులు. కొందరికి మామూలు ఓఆర్‌ఎస్, కొందరికి బియ్యప్పిండి కలిపింది, కొందరికి తొందరగా అరగని మొక్కజొన్న పిండి కలిపింది. ఆ అరగని పిండి చిన్నపేగు దాటి పెద్దపేగులోకి వెళ్తే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి షార్ట్ చైన్ ఫ్యాటీ ఆసిడ్లు అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి, వాటితోపాటు పేగు ఉప్పుని లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెనకే నీళ్ళూ వస్తాయి. మామూలు ఓఆర్‌ఎస్‌తో విరోచనాలు కట్టడానికి సగటున 91 గంటలు పడితే ఈ పిండి కలిపాక 57 గంటలకి తగ్గింది. దాదాపు ఒకటిన్నర రోజు తేడా! కాశీపూర్ కొండ మీద ఊళ్ళో, డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకురావాల్సిన చోట, ఒకటిన్నర రోజు అంటే మనిషి బతకడమో పోవడమో తేలిపోయే టైము.

అన్నం వండి చల్లార్చి రాత్రంతా ఉంచితే దాంట్లో పిండి కొంత సరిగ్గా ఇలాంటి అరగని పిండిగానే మారుతుంది. నీళ్ళు పోసి ఉంచితే పులుస్తుంది కూడా, ప్లాంటారమ్ లాంటి లాక్టిక్ బ్యాక్టీరియా అలా పులిసిన తిండిలో పెరుగుతాయి. మా మామ్మ కుండలో తరవాణి, అంటే పులిసిన అన్నం నీళ్ళు, ఎప్పుడూ ఉండేది, పొద్దున్నే చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పక్కింటి ఒడియా వాళ్ళది పఖాళ, ఆ పులిసిన నీళ్ళని వాళ్ళు తోరాణి అంటారు. మాట దగ్గర, కుండ దగ్గర, రుచి దగ్గర. ఆ తోరాణిలో షార్ట్ చైన్ ఫ్యాటీ ఆసిడ్లు ఉన్నాయని భువనేశ్వర్ ఎయిమ్స్ పరిశోధకులు చెప్పారు. చద్దన్నం తింటే కలరా తగ్గిపోతుందని నేననట్లేదు, దయచేసి ఎవరూ అలా అర్థం చేసుకోవద్దు, వాంతులు విరోచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఆస్పత్రికి పరిగెత్తడమే. నా బాధ వేరు. వెల్లూరులో దొరికిన ఆ తాళంచెవికి సరిపోయే తాళం మన వంటింట్లోనే ఉందేమో అని ఇక్కడికొచ్చి చూసిన వాళ్ళు నాకు కనపడలేదు. ఈలోగా మనమే ఆ కుండని అటకెక్కించేశాం. చుట్టాలొస్తే చోడి (రాగి) అంబలి దాచేసి బిస్కట్ ప్యాకెట్ తీస్తున్నాం.

2021లో ఫలితాలు ప్రచురించిన ఒక ట్రయల్‌లో అమెరికా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ సోనెన్‌బర్గ్, గార్డ్‌నర్ బృందాలు 36 మందిని తీసుకుని, కొందరికి పది వారాలు పులిసిన తిండి పెట్టాయి, పెరుగు, కిమ్చీ (కొరియా ఊరగాయ), కెఫిర్ (పులిసిన పాలు), కొంబుచా (పులిసిన టీ). పేగు బ్యాక్టీరియాలో రకాలు పెరిగాయి, ఒంట్లో వాపుకి గుర్తులైన 19 ప్రొటీన్లు తగ్గాయి. కొంబుచా సీసా ఇప్పుడు హైదరాబాద్ దాకా వచ్చేసింది. తరవాణి మీద అలాంటి ట్రయల్ ఒక్కటి నాకు చూపించండి.

ఇంక మందుల షాపులు. పోయినేడాది మా తమ్ముడి కొడుక్కి మోషన్స్ పట్టుకున్నాయి, ఐదేళ్ళ పిల్లాడు, జ్వరం లేదు, రక్తం లేదు. షాపులో డాక్టర్ చీటీ అడక్కుండానే ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన సిరప్ ఇచ్చారు, దాంతోపాటు గ్యాస్ మందు. రెండ్రోజులకి తగ్గలేదని ఇంకో షాపులో ఇంకో యాంటీబయాటిక్. నెల రోజులు వాడు ఏం తిన్నా కడుపు ఉబ్బేది. పిల్లల విరోచనాలు ఎక్కువగా వైరస్ వల్ల వస్తాయి, వాటికి ఈ మందులు పని చెయ్యవు, చేసేదల్లా పేగులో ఉన్న మంచివాటిని ఊడ్చెయ్యడం. ఆఫ్లాక్సాసిన్‌కి అన్నదమ్ముడు లాంటి సిప్రోఫ్లాక్సాసిన్ మీద స్టాన్‌ఫర్డ్‌లో రెల్మాన్ బృందం 2008లోనే చూపించింది, ఐదు రోజుల కోర్సు తర్వాత చాలా బ్యాక్టీరియా నెలలో తిరిగొచ్చినా కొన్ని రకాలు ఆరు నెలలకి కూడా రాలేదు. పోనీ ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా) క్యాప్సూల్ వేసుకుంటే సరిపోతుందా అంటే, 2018లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ప్రచురించిన ఒక చిన్న ట్రయల్‌లో, యాంటీబయాటిక్ తర్వాత ఆ క్యాప్సూల్స్ మింగిన వాళ్ళకి సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఇంకా ఆలస్యమైంది. ఏది, ఎవరికి, ఎప్పుడు అన్నది ముఖ్యం, షాపు కౌంటర్ మీద తేలే విషయం కాదిది. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అని రూల్ ఉంది, కొన్ని యాంటీబయాటిక్స్‌కి చీటీ చూసి రిజిస్టర్‌లో రాసుకోవాలి. మా వైపు ఆ రిజిస్టర్ నేనింతవరకు చూళ్ళేదు.

దీన్నంతా కాదనే డాక్టర్లున్నారు, మంచి డాక్టర్లే. ముందు శుభ్రమైన నీళ్ళు, మరుగుదొడ్డి ఇవ్వండి, బ్యాక్టీరియా ముచ్చట్లు తర్వాత అంటారు. ఈ పరిశోధనలో సగం ఎలకల మీద చేసింది, మిగతా సగంలో ఏది కారణమో ఏది ఫలితమో తేలలేదు అంటారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఆస్పత్రుల్లో ప్రోబయాటిక్స్ ఇవ్వడం ప్రమాదమని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా, అది నిజమే, ఒడిశా ట్రయల్‌లో కూడా రెండు కిలోల పైన ఉన్న, తల్లిపాలు తాగుతున్న బిడ్డల్నే తీసుకున్నారు. నీళ్ళ విషయంలో నేను వాళ్ళతోనే ఉన్నా. కానీ గెడ్డ నీళ్ళే పదేపదే తాగే పిల్లల పేగు లోపలి గోడ దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టదు, అందులో బ్యాక్టీరియా పాత్ర ఎంతన్నది ఇప్పుడే తేలుతోంది. నీళ్ళొచ్చేదాకా సైన్స్ ఆగాలంటే ఆ పిల్లలు ఆగగలరా?

అది తేలుస్తున్న వాళ్ళు ఎవరంటే శాస్త్రవేత్తలు, అమెరికా సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్, ఢాకాలో తహ్మీద్ అహ్మద్. 2021లో ప్రచురించిన ట్రయల్ కోసం ఢాకా మీర్‌పూర్ బస్తీలో ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న బక్కచిక్కిన పిల్లల్ని తీసుకున్నారు, 118 మంది మూడు నెలలు పూర్తిచేశారు. కొందరికి మామూలుగా ఇచ్చే బలం తిండి, కొందరికి పేగు బ్యాక్టీరియాకి నచ్చేలా కూర్చిన తిండి. అందులో ఏముందో తెలుసా, శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయ. దీంట్లో కేలరీలు తక్కువ, అయినా పిల్లలు ఎక్కువ ఎదిగారు. ఈ నాలుగూ మా గుణుపురం సంతలో దొరుకుతాయి. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ పెట్టి చోళ్ళని మళ్ళీ పొలంలోకి, రేషన్‌లోకి తెచ్చింది, అది మంచి పని, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటా. ఆ చోళ్ళు తిన్న పిల్లాడి పేగులో ఏం మారిందో కూడా కొలిస్తే ఢాకా వాళ్ళ పనికి ఇక్కణ్ణుంచి జవాబు చెప్పొచ్చు.

కొలవరు. ఎందుకు కొలవరో చెప్తా. ప్రపంచంలో బహిరంగంగా దొరికే మైక్రోబయోమ్ (ఒంట్లో ఉండే సూక్ష్మజీవుల) శాంపిల్స్‌ని 2022లో లెక్కేస్తే నూటికి 71కి పైగా యూరప్, అమెరికా, కెనడావే. మనమూ బంగ్లాదేశ్, పాకిస్తాన్ ఉన్న ప్రాంతం, ప్రపంచ జనాభాలో పావు వంతు కంటే ఎక్కువ, మన వాటా 1.8 శాతం. దేశం లోపల కూడా అంతే, 2019లో వచ్చిన పేరున్న భారతీయ స్టడీకి 110 మందిని తీసుకున్నది భోపాల్‌లో, కేరళలో. ఇంక మా సరిహద్దు సంగతి చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ కోరాపుట్, రాయగడ అంతా విశాఖపట్నం జిల్లా, ఆ రోజు రెండు రాష్ట్రాల మధ్య గీత గీశారు. ఆ గీత మీదున్న కొఠియా ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968లోనే సుప్రీంకోర్టుకెక్కాయి, అక్కడి మనిషికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు ఇస్తాయి, జబ్బు చేస్తే మాత్రం ఎటు పోవాలో చెప్పవు. రాయగడ మనిషి పార్వతీపురంలోనో విశాఖలోనో చూపించుకుంటాడు, అతని రోగం ఒడిశా లెక్కలోకీ రాదు, ఆంధ్రా లెక్కలోనూ అతను మనవాడు కాదు. చీటీ ఇంగ్లీషులో, కాంపౌండర్ చెప్పేది ఒడియాలో, ఇంట్లో మాట తెలుగో కువియో సవరో. ఇన్ని గీతల మధ్య ఏ మందు ఎన్ని రోజులు వేసుకోవాలో ఎవరికి అర్థమవుతుంది?

ఓఆర్‌ఎస్ కూడా సరిహద్దులోనే గెలిచింది. 1971లో పశ్చిమ బెంగాల్‌లో బంగ్లాదేశ్ సరిహద్దునున్న బంగాం శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళు డ్రమ్ముల్లో కలిపించి ఇంటివాళ్ళ చేతే తాగించారు, నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. పద్మవిభూషణ్ 2023లో ఇచ్చారు, అప్పటికి ఆయన లేరు.

కాశీపూర్‌లో జూన్‌లో వానలు పడతాయి, జులైకి గెడ్డలు బురదెక్కుతాయి. ఆ లోపల గెడ్డ మీద బతికే ఊళ్ళకి క్లోరిన్ వేసిన నీళ్ళు రావాలి, అంతకుముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి భువనేశ్వర్ వాళ్ళూ విశాఖ వాళ్ళూ కలిసొచ్చి గీతకి రెండువైపులా పిల్లల శాంపిల్స్ తీసుకోవాలి, వాళ్ళు ఏం తింటున్నారో ఏ మందులు మింగుతున్నారో వాళ్ళ భాషలో అడిగి రాసుకోవాలి. ఆ డబ్బాల మీద ఒకదానిపై రాయగడ అనీ, ఇంకోదానిపై పార్వతీపురం మన్యం అనీ రాసి, రెండూ ఒకే ఫ్రిజ్‌లో పెట్టాలి.