మోటరు పొద్దున ఆరింటికి కాదు, మధ్యాహ్నం వేయండి

2024లో ప్రపంచం వాడిన కరెంటులో దాదాపు 7 శాతం ఎండ నుంచి వచ్చింది. మూడేళ్ల ముందు అందులో సగమే ఉండేది. మన దేశంలోనూ సౌర విద్యుత్ సామర్థ్యం 2025 మొదట్లో లక్ష మెగావాట్లు దాటింది. కానీ ఆ 7 శాతం కరెంటులో వాటా, మనుషులు వాడే మొత్తం శక్తిలో కాదు. మొత్తంలో కరెంటుది ఇంచుమించు ఐదో వంతే. మిగతాదంతా పెట్రోలు, డీజిలు, గ్యాసు, బొగ్గు, కట్టెలు. ఐదో వంతులో 7 శాతమంటే ఒకటిన్నర దగ్గరే ఆగుతుంది.

ఆ ఒకటిన్నర పెరగాలంటే ప్యానెళ్లు పెంచితే చాలదు. వంట, స్కూటరు, నీళ్ల మోటరు కరెంటు మీదికి, అదీ ఎండ ఉన్న వేళకి రావాలి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఈ వాడకం వేళ మార్చడం గురించి ఎవరూ మాట్లాడరు. జనరల్ బాడీ మీటింగులో సోలార్ మాట రాగానే అందరూ అడిగేది ఒక్కటే: "బిల్లు జీరో అవుతుందా?"

ఫ్లాట్లలో చాలామందికి అది అయ్యే ఉంది. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద, 200 యూనిట్ల లోపు, తన పాత సగటు మీద పది శాతం మించకుండా వాడే ఇంటికి 2023 జులై నుంచి బిల్లే లేదు. అలాంటి ఇంటికి సోలార్ పెట్టినా మిగిలేది సున్నా. కాబట్టి చూడవలసింది ఇంటి మీటరును కాదు, లిఫ్టులు, సంపు మోటర్లు, మురుగునీరు శుద్ధిచేసే ఎస్టీపీ బ్లోయర్లు, మెట్ల లైట్లు నడిపే కామన్ మీటరును. దాని బిల్లు మెయింటెనెన్స్ రూపంలో అందరూ కడుతూనే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకంలో నివాసుల సంఘాలకు కామన్ అవసరాల కోసం, బండ్ల చార్జింగ్ కూడా కలిపి, కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. దానికి దేశంలో తయారైన సెల్స్ (ఎండను కరెంటుగా మార్చే బిళ్లలు) ఉన్న ప్యానెళ్లే, అవీ ఇక్కడ తయారైనవే, వాడాలి. కొటేషన్లో ఆ మాట లేకపోతే అడిగి రాయించుకోండి.

20 కిలోవాట్లు అనుకుందాం. 550 వాట్ల ప్యానెళ్లు 37 పడతాయి. నడిచే దారితో కలిపి మిద్దె మీద రెండువేల చదరపు అడుగులకు పైగా కావాలి. సగటున కిలోవాటుకు రోజుకు 4 యూనిట్ల లెక్కన 80 యూనిట్లు. జులై, ఆగస్టు ముసురు రోజుల్లో ఇందులో సగం వచ్చినా గొప్పే. అయితే ఆ 80 రోజంతా సమంగా పంచుకుని రావు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా 15, 16 కిలోవాట్లు పోటెత్తుతాయి. ఆ వేళకి మన కామన్ లోడు ఎంత? మోటరు వాచ్‌మన్ పొద్దున ఆరింటికే వేసి కట్టేశాడు. లిఫ్టులు ఖాళీ, జనం ఆఫీసుల్లో. 5 కిలోవాట్లు కూడా ఉండదు.

గ్రిడ్‌కి (ఊరి కరెంటు లైన్లకి) ఇచ్చిన యూనిట్లను తీసుకున్నవాటిలోంచి తీసేసే నెట్ మీటరు ఉంది కదా, పగలు ఇచ్చి రాత్రి తీసుకుంటాం అంటారు. నెట్ మీటరు లెక్క రాసుకునే పుస్తకం, కరెంటు దాచుకునే గాదె కాదు. రాత్రి ఏడింటికి మన లిఫ్టు ఎక్కువగా బొగ్గు మీదే నడుస్తుంది. పైగా ఈ లెక్క ఎల్లకాలం ఇలాగే ఉండదు. ఆస్ట్రేలియాలో మూడిళ్లకు ఒక ఇంటి మీద ప్యానెళ్లున్నాయి, అక్కడి కరెంటు టోకు మార్కెట్లో మధ్యాహ్నం ధర సున్నా కిందికి దిగడం మామూలైపోయింది. కాలిఫోర్నియా 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టుకునేవాళ్లకు గ్రిడ్‌కిచ్చే యూనిట్ల విలువను బాగా కోసేసింది. మన కేంద్ర నిబంధనలు కూడా 2023లోనే దారి మార్చాయి: సౌర గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ, సాయంత్రం రద్దీ గంటల్లో ఎక్కువ, ఏ వేళ ఎంత వాడామో రాసుకునే స్మార్ట్ మీటరు వచ్చాక అమలు. మధ్యాహ్నపు యూనిట్ చవక, రాత్రి యూనిట్ ప్రియం.

అందుకే ప్యానెల్ కొనకముందే చేయదగ్గ పని ఒకటుంది. మోటరుకు వందల్లో దొరికే టైమరు పెట్టి ఓవర్‌హెడ్ ట్యాంకు పదకొండున్నరకి నింపండి. 5 హెచ్‌పీ మోటరు మూడు గంటలు తిరిగితే 13, 14 యూనిట్లు. పొద్దున స్నానాలకు నీళ్లు చాలవనే భయముంటే ముందురోజు మధ్యాహ్నమే నిండుగా పెట్టుకోవాలి, అందుకు ట్యాంకు సైజు సరిపోతుందో లేదో లెక్క వేయండి. పార్కింగులో స్కూటర్ల చార్జింగు కూడా ఇంట్లో ఉండేవాళ్లయితే పగటికే మార్చుకోవచ్చు. ఒక్కో బండి బ్యాటరీ మూడు, నాలుగు యూనిట్లు తాగుతుంది.

ఇక బిగించేటప్పుడు జరిగే తప్పులు. మొదటిది నీడ. ప్యానెల్లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి, వాటికి మూడు బైపాస్ డయోడ్లు, అంటే నీడ పడిన భాగాన్ని పక్కకు తప్పించి కరెంటును పోనిచ్చేవి. ఒక మూల ట్యాంకు నీడ పడితే మూడో వంతు ప్యానెల్ పడుకుంటుంది. నీడ కొలిచేది డిసెంబరులో, పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకి. ఇంకో మెలిక ఉంది: ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా సూర్యుడు బెంగళూరుకు ఉత్తరంగా ఉంటాడు. "ఉత్తరాన ఉంది, ఫరవాలేదు" అని వదిలేసిన లిఫ్టు గది జూన్ ఉదయాల్లో ప్యానెళ్ల మీదికి నీడ చాస్తుంది. వాలు మాత్రం దక్షిణానికి 10 నుంచి 15 డిగ్రీలు చాలు.

రెండోది మిద్దెకు చిల్లులు. స్లాబులో బోల్టు దించితే వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే, వాన వెలిశాక పై అంతస్తు వాళ్లు కమిటీ తలుపు కొడతారు. కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టించండి, గాలికి సరిపడా బరువుందని ఇంజనీరు చేత రాయించుకోండి. మూడోది కనెక్టర్లు. ఒక కంపెనీ మగ కనెక్టరుకు ఇంకో కంపెనీ ఆడ కనెక్టరు తగిలిస్తే పైకి సరిగ్గానే కూర్చుంటుంది, లోపల పట్టు చాలక వేడెక్కి కరుగుతుంది. మిద్దె మీద మంటలకు ఇదొక ముఖ్య కారణం. ఎర్తింగ్ గుంతలు మూడు విడివిడిగా ఉండాలి: ప్యానెళ్ల వైపు డీసీకి, మీటరు వైపు ఏసీకి, పిడుగు కడ్డీకి.

కడగడం బోరు నీళ్లతో అయితే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. దుమ్ము వానకు పోతుంది, ఈ తెలుపు పోదు. వాన నీళ్లో, మెత్తబరిచిన నీళ్లో వాడి, ఎండెక్కక ముందే కడగాలి. పావురాలకు ప్యానెళ్ల కింద చోటు మహా ఇష్టం, చుట్టూ వల బిగించడం మొదటి రోజే చేయించండి.

చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి: కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. లైనుమీద పనిచేసేవాళ్ల ప్రాణం కోసం, ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్‌ను అలాగే చేశారు. కానీ జనరేటర్ ఆన్ కాగానే ఇన్వర్టర్ దాన్నే గ్రిడ్ అనుకుని లేచి కూర్చుంటుంది. లోడు తక్కువైతే సోలార్ కరెంటు జనరేటర్లోకే ఎదురు తిరుగుతుంది. జనరేటర్ మీద కనీసం 30 శాతం లోడు నిలబెట్టి, సోలార్‌ను తగ్గించే కంట్రోలర్ ఉండాలి. కొటేషన్ ధర తగ్గించడానికి మొదట ఎగిరిపోయే వస్తువు అదే. సంతకం పెట్టేముందు ఆ వరస ఉందో లేదో చూడండి.