శ్రోతల కోరిక మేరకు

కెనడాలో రేడియో స్టేషన్లు చీటికీమాటికీ పేర్లు మార్చుకుంటాయనీ, నిన్నటిదాకా మెత్తని ప్రేమగీతాలు వినిపించిన చోట తెల్లవారేసరికి గిటార్లు చెవులు చిల్లులు పడేలా మోగుతాయనీ, దీనితో సామాన్య శ్రోత దిక్కుతోచక అల్లాడుతున్నాడనీ కొందరు అవగాహన లేనివారు చేస్తున్న విమర్శలను ఖండించడానికే ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది. ఫార్మాట్, అంటే వినిపించే కార్యక్రమాల తీరు, మార్చిన ప్రతిసారీ స్టేషను యాజమాన్యం ఒక సంగతిని విస్పష్టంగా ప్రకటిస్తుంది: ఇదంతా శ్రోతలు కోరుకున్నదే. చాలా ఏళ్లుగా టొరంటో పక్కన మిస్సిసాగాలో కాపురముంటూ, 401 హైవే మీద రోజుకు రెండు గంటలు కారులో కూర్చుని రేడియో వినే నేను ఇటువంటి కోరిక ఎప్పుడు కోరానో నాకు గుర్తు రాకపోతే, అది నా జ్ఞాపకశక్తి లోపమే తప్ప యాజమాన్యం తప్పు ఎంతమాత్రం కాదు.

శ్రోతల కోరికలు ఎంత లోతైనవో, ఎంత చపలమైనవో తెలియాలంటే టొరంటోలోని 1050 చమ్ అనే రేడియో స్టేషను చరిత్రను పారాయణం చేయాలి. 1957 మే నెలలో ఆ స్టేషను టాప్ 40, అంటే జనాదరణలో మొదటి నలభై పాటల బాట పట్టింది. వారం వారం ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో కాగితం మీద అచ్చు వేసి రికార్డుల దుకాణాలలో పంచిపెట్టేది. కుర్రకారు ఆ కాగితాలను పరీక్ష ఫలితాల్లా చదువుకునేవారు. ఇరవై తొమ్మిదేళ్లు ఇలా గడిచాక, 1986లో శ్రోతలకు హఠాత్తుగా టాప్ 40 మీద విరక్తి పుట్టినట్టు యాజమాన్యం గ్రహించి దానిని ఆపేసింది. తరువాత పాత పాటలు వచ్చాయి. 2001 మేలో శ్రోతలకు అసలు సంగీతమే అక్కరలేదనీ, రోజంతా ఆటల గురించి మాట్లాడేవారు కావాలనీ తేలింది. 2002 ఆగస్టులో, అంటే కొత్తగా పెళ్లయిన జంట మొదటి బిడ్డను ఎత్తుకునే లోపే, ఆ కోరిక మారిపోయి మళ్లీ పాత పాటలే కావాలన్నారట. 2009లో శ్రోతల కోరిక పరాకాష్ఠకు చేరింది: వారు రేడియోలో టీవీ కావాలన్నారు. సీపీ24 అనే స్థానిక వార్తల టీవీ చానెల్ మాటలను 1050 మీద యథాతథంగా ప్రసారం చేశారు. ఆ చానెల్ తెర మీద వాతావరణం ఒక మూల, రోడ్ల రద్దీ ఒక మూల, కింద పరుగులు పెట్టే వార్తలు ఒక వరుస ఉంటాయి. కారు నడిపేవాడు కళ్లు రోడ్డు మీద ఉంచి, చెవులతో ఆ తెరనంతా ఊహించుకోవాలి. వాతావరణం చెప్పేవారి చేయి పటం మీద ఏ మూలను చూపిస్తోందో ఊహించుకుంటూ నడిపిన చలికాలం నాకు ఇప్పటికీ బాగా గుర్తు. 2011లో శ్రోతలు మళ్లీ ఆటల వైపు మొగ్గారు. ఈసారి స్టేషను పేరు, టీఎస్ఎన్ అనే ఆటల టీవీ చానెల్ పేరు మీద, టీఎస్ఎన్ రేడియో.

ఇన్ని అవతారాలలోనూ మారకుండా మిగిలింది ఒకే ఒక్కటి. యంగ్ స్ట్రీట్‌లోని పాత భవనం మీద దశాబ్దాల పాటు వెలిగిన చమ్ నియాన్ బోర్డును, 2009లో స్టేషను రిచ్‌మండ్ స్ట్రీట్‌కు తరలినప్పుడు ఎంతో భక్తితో వెంట తీసుకువెళ్లి కొత్త భవనానికి తగిలించారు. ‘డయల్ 1050’ అని దాని మీద రాసి ఉంటుంది. తిప్పడానికి రేడియోలలో డయల్ లేదు, ఆ నంబరు మీద ఆ పాటలు లేవు, కానీ బోర్డు మాత్రం నిక్షేపంగా ఉంది. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెతను ఇక్కడ గుర్తు చేసుకోవడం మర్యాద కాదు కనుక చేసుకోను.

ఇక నామకరణ మహోత్సవాల విషయం. 2002 ప్రాంతంలో కెనడా శ్రోతలకు, రేడియో స్టేషను పక్కింటి పెద్దమనిషిలా ఉండాలన్న విచిత్రమైన కోరిక కలిగింది. విన్నిపెగ్‌లో ఒక స్టేషను ‘బాబ్’ అయింది. అదే ఏడాది చివరికి వాంకూవర్‌లో మరొకటి ‘జాక్’ అయింది. తరువాత ‘డేవ్’, ‘జో’ వంటివారూ వెలిశారు. మన వైపు ఎవరైనా ‘సుబ్బారావు ఎఫ్ఎం’ అని పెడితే అప్పులవాళ్లు వెతుక్కుంటూ వస్తారన్న భయం ఉండేది గాని, ఇక్కడ అటువంటి బెంగ లేదు. జాక్ గారి ప్రధాన సిద్ధాంతం ‘మాకు నచ్చింది వేస్తాం’ అన్నది. ఈ దేశపు రేడియోలో యాజమాన్యం నోట వెలువడిన ఏకైక సత్యవాక్యం ఇదేనని నా నిశ్చితాభిప్రాయం. పాటకూ పాటకూ నడుమ మాట్లాడే మనిషి బదులు ముందే రికార్డు చేసిన ఒక వెటకారపు గొంతు వినిపించేది. దానికి జీతం లేదు, సెలవులు లేవు, పింఛను అంతకన్నా లేదు. టొరంటోలో 92.5 మీద 1993లో కంట్రీ సంగీతంతో మొదలైన స్టేషను, 1999లో ‘కిస్’ అయి, 2003లో ‘జాక్’ అయి, 2009లో మళ్లీ ‘కిస్’ అయింది. పుట్టింటికీ అత్తింటికీ మధ్య తిరిగే కోడలు కూడా ఇన్నిసార్లు పెట్టె సర్దుకోదు. విన్నిపెగ్ బాబ్ మాత్రం పందొమ్మిదేళ్లు నిలబడ్డాడు. 2021 మే 18న బెల్ మీడియా అనే ప్రసార సంస్థ దేశమంతటా పాతిక స్టేషన్లకు ఒకే రోజున ‘బౌన్స్’ అని పేరు పెట్టినప్పుడు ఆయనా అందులో కలిసిపోయాడు. పాతిక ఊళ్ల శ్రోతలు, ఒకరి ముఖం ఒకరు ఎరుగనివారు, వేర్వేరు కాలమండలాలలో నిద్రలేచేవారు, ఒకే మంగళవారం నాడు ఒకే పేరును కోరుకోవడం జాతీయ సమైక్యతకు నిదర్శనం కాక మరేమిటి?

ఈ కోరికలను ఎలా కొలుస్తారని అడిగేవారు ఉంటారు. న్యూమెరిస్ అనే సంస్థ ఉంది. టొరంటో, మాంట్రియల్, వాంకూవర్, కాల్గరీ, ఎడ్మంటన్ వంటి పెద్ద నగరాలలో కొందరిని ఎంచుకుని, ఒంటి మీద ఉంచుకునే చిన్న మీటరును ఇస్తుంది. స్టేషను ప్రసారంలో మనిషి చెవికి అందని సంకేతమొకటి దాగి ఉంటుంది; మీటరు దానిని పట్టుకుని, ఈ మనిషి ఫలానా స్టేషను ఇంతసేపు విన్నాడని నమోదు చేస్తుంది. పళ్ల డాక్టరు గదిలో నోరు తెరిచి పడుకున్న మనిషి తలపై స్పీకరు మోగుతున్నా, ఆ మీటరు లెక్కలో అది వినికిడే. ఆ సమయంలో ఆయన కోరుకుంటున్నది వేరే పాట కాదు, మత్తు సూది అని మీటరుకు తెలియదు. శాస్త్రానికి ఆ మాత్రం పరిమితి ఉండనే ఉంటుంది.

శ్రోతల కోరిక అనే మాట ఎత్తకుండా పాటలు వేయించే పక్షం ఈ దేశంలో ఒక్కటే ఉంది: అది ప్రభుత్వం. వాణిజ్య స్టేషన్లు వేసే జనాదరణ సంగీతంలో నూటికి ముప్పై అయిదు పాటలు కెనడావై ఉండాలని ప్రసారాలను నియంత్రించే సీఆర్‌టీసీ నియమం. సంగీతం, గాయకుడు, ప్రదర్శన, సాహిత్యం అనే నాలుగింటిలో రెండు కెనడియన్లవైతే పాటకు పౌరసత్వం వస్తుంది. 1991లో కెనడా గాయకుడు బ్రయన్ ఆడమ్స్ ప్రపంచమంతా మారుమోగుతున్న వేళ, సాటి రచయిత విదేశీయుడైనందువల్ల ఆయన పాటలు కెనడా పాటలు కావని లెక్క తేలింది. పెద్ద గొడవ జరిగాక నియమాన్ని సడలించారు. పర్మనెంట్ రెసిడెన్సీ కోసం పాయింట్లు లెక్కపెట్టుకుంటూ నిద్రలేని రాత్రులు గడిపిన మనలాంటివారికి ఆడమ్స్ గారి బాధ అర్థం కావడానికి ఎవరి వివరణా అవసరం లేదు. ఈ నియమం 1971లో మొదలైన కొత్తల్లో కొన్ని స్టేషన్లు దేశభక్తిని నిద్ర సమయానికి కేటాయించి, కెనడా పాటలను అర్ధరాత్రీ తెల్లవారుజామునా వేసి లెక్క సరిపుచ్చేవి. వాటికి జనం, కెనడా జాతీయ జంతువు పేరు మీద, ‘బీవర్ గంటలు’ అని పేరు పెట్టారు. ఇప్పుడు పగటి పూట కూడా కోటా నింపాలి. అందుచేత స్టేషను బాబ్ అయినా, బౌన్స్ అయినా, గంట గడిచేలోగా ఆ నలుగురైదుగురు గాయకులే మళ్లీ పలకరిస్తారు. బోర్డు మారిన హోటల్లో పాత సాంబారే వచ్చినప్పుడు కలిగే భద్రతాభావం ఇది.

మార్పు వేళ పాటించే మర్యాదలు కూడా గమనించదగినవి. 2021 ఫిబ్రవరి 9న వాంకూవర్, విన్నిపెగ్ నగరాల్లోని టీఎస్ఎన్ క్రీడా స్టేషన్లు ఉదయం ప్రసారం మధ్యలోనే మూగబోయాయి. శ్రోతల దగ్గర వీడ్కోలు తీసుకునే అవకాశం వ్యాఖ్యాతలకు దక్కలేదు. తరువాత అక్కడ ‘ఫన్నీ’ అనే పేరుతో రోజంతా హాస్యప్రసంగాలు వచ్చాయి. ఉద్యోగాలు పోయిన చోట జోకులు వినిపించడంలోని ఔచిత్యాన్ని అలంకారికులు చర్చించాలి. 2023 జూన్‌లో ఆ హాస్యమూ ఆగిపోయింది. మొత్తం ఆరు ఏఎం స్టేషన్లను బెల్ ఒకే రోజున మూసేసింది. శ్రోతలు ఈసారి నిశ్శబ్దాన్ని కోరుకున్నారన్నమాట.

కోరిన పాటల కార్యక్రమానికి అసలైన నిర్వచనం ఇచ్చిన ఘనత మాత్రం వాంకూవర్‌దే. 2022 జూన్ చివర అక్కడి కిస్ 104.9లో ఉదయపు వ్యాఖ్యాతలు తమ ఉద్యోగాలు పోయాయని శ్రోతలకు చెప్పుకున్నారు. తరువాత ఆ స్టేషను ఒక అమెరికన్ రాక్ బృందం అప్పటికి ముప్పై ఏళ్ల కిందట పాడిన, చెప్పినట్టు చేసేది లేదని కేకలు పెట్టే పాటను వేసింది. అది అయిపోయాక మళ్లీ అదే వేసింది. తరువాత మళ్లీ అదే. ఇలా ఒక పగలూ ఒక రాత్రీ దాటి నడిచింది. వేరే పాట కోరుతూ ఫోన్ చేసినవారికీ అదే పాట దక్కింది. తీసివేతకు గురైన సిబ్బంది గదిలో దూరి గడియ వేసుకుని చేస్తున్న తిరుగుబాటు ఇదని ఊరంతా మురిసిపోయింది. ఎదిరింపు గీతాన్ని ఆడించింది సాక్షాత్తు యాజమాన్యమేననీ, అది ‘సోనిక్’ అనే కొత్త పేరుకు వేసిన దండోరా అనీ మర్నాడు తెలిసింది. తిరుగుబాటును కూడా మన తరఫున వారే చేసి పెట్టడం కన్నా శ్రోతకు జరిగే సేవ ఏముంటుంది?

ఇంత చెప్పినా మా మామగారికి నమ్మకం కుదరలేదు. ఆయన తెనాలిలో ఆర్టీసీ డిపో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఆరు నెలలు ఉండి వెళ్దామని మా ఇంటికి వచ్చారు. సరుకులకు వెళ్లినప్పుడల్లా ముందు సీట్లో కూర్చుని, కారు రేడియోలో మూడో బటన్ నొక్కేవారు. పాటల్లో మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు గాని, నడుమ మాట్లాడే అమ్మాయి గొంతు ఆయనకు నచ్చింది. ఒక సోమవారం ఆ బటన్ నొక్కితే డ్రమ్ములు దడదడలాడాయి. ఆయన వెంటనే చేయి వెనక్కి తీసుకున్నారు, ఏదో తానే పాడుచేసినట్టు.

“ఆ అమ్మాయిని ట్రాన్స్‌ఫర్ చేసినట్టున్నారు, అల్లుడుగారూ.”

“ట్రాన్స్‌ఫర్ కాదు మామయ్యగారూ, తీసేశారు. స్టేషనే మారిపోయింది. శ్రోతల కోరిక మేరకట.”

“నోటీసు ఇవ్వకుండానా? యూనియన్ లేదూ?” అని, కాసేపు ఆగి, “మనల్ని ఎవరూ అడగలేదే?” అన్నారు.

ఆ సాయంత్రం ఆయన ఒక పోస్టుకార్డు తెమ్మన్నారు. వెనకటికి జనరంజనికి రాసినట్టే పైన ఊరి పేరు, కింద వరుసగా ఇంట్లో అందరి పేర్లు, మా పాప పేరుతో సహా రాసి, ఆ అమ్మాయిని తిరిగి పిలిపించవలసిందిగా కోరుతూ ముగించారు. దానిని నేను ఇంగ్లిషులోకి మార్చి, స్టేషను చిరునామా వెతికి పోస్టు చేశాను. మూడు వారాలకు కార్డు తిరిగి వచ్చింది. చిరునామా మారిందని దాని మీద పసుప్పచ్చ చీటీ అంటించి ఉంది. మామగారు కళ్లద్దాలు సర్దుకుని ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు.

“అద్దె ఇల్లు కాబోలు, పాపం,” అన్నారు.