రకరకాల డీజేలు వస్తే నైట్‌కి గుర్తింపు ఉండదా?

వారం పది రోజులుగా బెంగళూరు తెలుగువాళ్ళ గ్రూపుల్లో నిమిషన్నర వీడియో ఒకటి తిరుగుతోంది. మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా నేనున్న నాలుగు గ్రూపుల్లోనూ వచ్చింది. మా బావమరిదైతే "బావా, మీరు ప్రతినెలా వెళ్ళేది దీనికేగా" అని విడిగా కూడా పంపాడు, కింద నాలుగు నవ్వు బొమ్మలతో.

ఇందిరానగర్‌లో నెలకోసారి జరిగే ఒక క్లబ్ నైట్ మీద ఆ వీడియో. అందులో వీడియో చేసినాయన అన్నవి ఇవీ: ఆ నైట్‌కి ఓ పద్ధతంటూ లేదు. క్లబ్బుల్లో వాయించే ఎలక్ట్రానిక్ సంగీతంలో ఒక నెల టెక్నో అనే రకం వేసే డీజే, ఇంకో నెల డ్రమ్ అండ్ బేస్, మరో నెల హౌస్, ఎవరు దొరికితే వాళ్ళు. అసలు ఇవన్నీ ఒకటే దబదబ. డీజే చేసేది పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కడం. అంతా టికెట్లు అమ్ముకోవడానికే. పైగా ఇది మనది కాదు, తెల్లవాళ్ళ సంగీతం.

రెండేళ్ళుగా ఆ నైట్‌కి వెళ్తున్నాను. నడిపేవాళ్ళతో నాకు చుట్టరికం లేదు, గెస్ట్ లిస్టులో పేరు పడిన పాపాన పోలేదు. కాబట్టి ఇది వాళ్ళ తరఫు వకాల్తా కాదు.

ముందు ఆయన ఒకటి తేల్చుకోవాలి. అన్నీ ఒకటే దబదబ అయితే, ఒక నెలకీ ఇంకో నెలకీ పద్ధతి మారిందని ఆయనకెలా తెలిసింది? తేడా వినపడిందంటే రెండో మాట తప్పు. వినపడలేదంటే మొదటి మాట ఎవరో చెప్తే అన్నది.

తేడా ఉంది, చెవికి కూడా అందుతుంది. హౌస్‌లో నిమిషానికి సుమారు 120 నుంచి 128 దెబ్బలు, ప్రతి దెబ్బకీ కిక్, అంటే డ్రమ్ముల్లో లావుపాటి శబ్దం, సూటిగా పడుతుంది, కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. డ్రమ్ అండ్ బేస్‌లో వేగం 170 దాటుతుంది, కానీ కిక్ సూటిగా ఉండదు, విరిగి విరిగి వస్తుంది. ఆ విరుపుల్లో చాలావాటికి మూలం ది విన్‌స్టన్స్ అనే అమెరికన్ బ్యాండ్ 1969లో రికార్డు చేసిన పాటలోని ఆరేడు సెకన్ల డ్రమ్ ముక్క. లండన్ కుర్రాళ్ళు 1990ల మొదట్లో దాన్ని కోసి, వేగం పెంచి, అటూ ఇటూ అతికి జంగిల్ అనే సంగీతాన్నే నిలబెట్టారు. డ్రమ్ అండ్ బేస్ దాని నుంచే వచ్చింది. ఈ రెంటినీ ఒకటే దబదబ అనడం ఆదితాళాన్నీ ఖండచాపునూ ఒకటే దరువు అనడంలాంటిది.

ఇక అసలు ఆరోపణ. రకరకాలవాళ్ళను పిలిస్తే గుర్తింపు ఉండదట. ఇదే బెంగళూరు చామరాజపేటలో శ్రీరామసేవా మండలి వాళ్ళు 1939 నుంచి శ్రీరామనవమి కచేరీలు పెడుతున్నారు. ఒకరోజు గాత్రం, ఒకరోజు వాద్యం, మరోరోజు హిందుస్తానీ. అక్కడ కూర్చుని పానకం తాగేవాళ్ళెవరూ "ఈ పందిరికో పద్ధతి లేదు" అనడం నేను వినలేదు. గ్లాస్గోలో సబ్ క్లబ్ అనే చోట 1997 నుంచి 2010 దాకా ప్రతి ఆదివారం ఆప్టిమో అనే నైట్ జరిగేది. ఇద్దరు డీజేలు టెక్నో పక్కన పోస్ట్ పంక్ అనే రాక్ రకం, దాని పక్కన డిస్కో, దాని పక్కన జమైకా డబ్ వేసేవాళ్ళు. ఆ కలపడానికే దానికి పేరొచ్చింది. లండన్‌లో 1999లో తెరిచిన ఫాబ్రిక్ అనే క్లబ్ శుక్రవారాలు డ్రమ్ అండ్ బేస్‌కీ హిప్‌హాప్‌కీ, శనివారాలు హౌస్‌కీ టెక్నోకీ ఇచ్చింది. అదీ ఒక పద్ధతే.

మన ఇందిరానగర్ నైట్‌కి పద్ధతి ఎక్కడుందో చెప్తాను. తొమ్మిదింటికి వెళ్ళినవాళ్ళకే అది కనపడుతుంది. ఆ వేళకి లోపల ఏడెనిమిది మంది ఉంటారు, వాళ్ళలో ఇద్దరు బార్‌లోకి ఐస్ మోసే కుర్రాళ్ళు. పాటలు వేసే డెక్కుల దగ్గర ఎప్పుడూ అదే మనిషి, ఆ నైట్ రెసిడెంట్ డీజే, అంటే ప్రతిసారీ ఉండే సొంత డీజే. అతిథి ఎవరైనా మొదటి రెండు గంటలు ఆమెవే. నిమిషానికి వంద దెబ్బల దగ్గర మొదలుపెడుతుంది. సౌండ్ తగ్గించి ఉంచుతుంది, పక్కవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. పదిన్నర దాకా 120 ముట్టుకోదు. జనం పెరుగుతున్నకొద్దీ బేస్ కొంచెం కొంచెం వదులుతుంది. వచ్చే అతిథి ఎటు వెళ్తాడో తెలుసు కనక ఫ్లోర్‌ను, అంటే ఆడుతున్న జనాన్ని, అటు తిప్పి పెడుతుంది.

మార్చిలో ఒక డ్రమ్ అండ్ బేస్ డీజే వచ్చాడు. ఆయనది 174. హౌస్ నుంచి అక్కడికి ఒక్కసారిగా దూకితే ఫ్లోర్ చెదిరిపోతుంది. ఆమె ఏం చేసిందంటే, పదకొండు కావస్తుండగా వేగం పెంచలేదు, తగ్గించింది. 110, తర్వాత 98, చివరికి 87కి దించి బరువైన బేస్ ఉన్న డబ్ పాట ఒకటి వేసింది. జనం తలలు ఊపుతూ నెమ్మదించారు. అప్పుడు ఆయన దాని మీదే తన మొదటి ట్రాక్ తెచ్చాడు, సరిగ్గా 174లో. నెల్లూరులో చిన్నప్పుడు రెండేళ్ళు మృదంగం క్లాసుకి వెళ్ళినవాణ్ణి, నాకు వెంటనే వెలిగింది: మొదటి కాలంలో నడుస్తున్నదాని మీద రెండో కాలం ఎత్తుకున్నాడు. తల 87లోనే ఉంది, కాళ్ళు 174 అందుకున్నాయి. నా పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్న అబ్బాయి ఫోన్ జేబులో పెట్టేశాడు.

ప్రతిసారీ ఇలా కుదిరిందని అనను. పోయిన వానాకాలంలో ఒకసారి రెసిడెంట్ ఊళ్ళో లేదు. ఆ రోజు తొమ్మిదిన్నరకే గట్టి టెక్నో దంచేశారు, చివర్లో మెత్తటి హౌస్ పెట్టారు. పన్నెండుకి నాతో కలిపి పదిహేను మంది మిగిలారు. రుచులన్నీ ఉన్నాయి, వడ్డించే వరస తప్పింది. వీడియో చేసినాయన ఆ ఒక్క రోజే వచ్చి ఉంటే ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రోజు లోపం రకాలు ఎక్కువవడం కాదు, కలిపే చెవి లేకపోవడం.

బటన్ సంగతి. నిజమే, పెన్‌డ్రైవే పెడతారు, సింక్ అనే బటన్ కూడా ఉంది, రెండు పాటల వేగం అదే కలుపుతుంది. పెద్ద పెద్ద స్టేజీల మీద లైట్లకీ బాణసంచాకీ సరిపోయేట్టు ముందే కట్టిన సెట్లు వాయించేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను వెనకేసుకు రాను. చిన్న గదిలో ఆ పప్పులుడకవు. రెండు పాటల్ని కలిపే మిక్సర్ మీద రెసిడెంట్ చెయ్యి చూడండి. రెండు పాటల బేస్‌లైన్లు ఒకేసారి వదిలితే గదంతా బురద. అందుకే కొత్త పాట బేస్ నాబ్ పూర్తిగా తగ్గించేసి లోపలికి తెస్తుంది. ఒక చెవికి హెడ్‌ఫోన్, ఇంకో చెవి గదికి. ఎనిమిది బార్లు (ఒక్కో బార్‌కి నాలుగు దెబ్బలు) లెక్కపెట్టుకుని, పాత దాని బేస్ తీసేసిన క్షణానే కొత్తదాన్ని వదులుతుంది. సింక్ బటన్ వేగం కలుపుతుంది, ఏ పాట వెయ్యాలో చెప్పదు. ఎదురుగా ఉన్న జనం అలిసిపోయారో, ఇంకా కావాలంటున్నారో దానికేం తెలుసు?

టికెట్ల మాట మీద ఎక్కువ చెప్పను. డబ్బే కావాలంటే అందరికీ తెలిసిన సినిమా పాటల నైట్ పెట్టుకుంటారు. డ్రమ్ అండ్ బేస్ డీజేని తెచ్చుకుని సగం ఖాళీ ఫ్లోర్ చూస్తూ నిలబడరు. ఈ ఊళ్ళో ఇలాంటివి నడపడమే తలనొప్పి. పబ్బుల్లో సంగీతానికి వేరే లైసెన్సు కావాలనే 2005 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018 జనవరిలో సమర్థించాక ఎన్నో చోట్ల సంగీతం ఆగిపోయింది. ఇందిరానగర్‌లోనే ది హమ్మింగ్ ట్రీ అనే సంగీత వేదిక 2019లో మూతపడింది.

చివరిది, తెల్లవాళ్ళ సంగీతం. హౌస్ పుట్టింది చికాగోలో. వేర్‌హౌస్ అనే క్లబ్‌లో ఫ్రాంకీ నకల్స్ అనే నల్లజాతి డీజే వాయించేవాడు, హౌస్ అన్న పేరు ఆ వేర్‌హౌస్ నుంచే వచ్చిందంటారు. టెక్నో డెట్రాయిట్‌ది. హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి స్నేహితులు దానికి ఆద్యులు. జంగిల్ వెనక జమైకా నుంచి లండన్ వచ్చినవాళ్ళ సౌండ్ సిస్టమ్‌లున్నాయి, పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చి పాటలు వేసే బృందాలు. తెల్లవాళ్ళు తర్వాత దాన్ని పెద్ద వ్యాపారం చేశారు, అది వేరే కథ.

మనది కాదు అంటారా, అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో 1969లోనే మోగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యంతో స్టుడియో పెట్టారు. బొంబాయి సినిమాలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలండ్ కంపెనీ 808 డ్రమ్ యంత్రం, 303 బేస్ యంత్రం మీద పది రాగాలు వాయించి రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే ఇది యాసిడ్ హౌస్ (అదే 303 శబ్దం మీద నిలిచిన హౌస్ రకం) కంటే ముందుదా అని విదేశాలవాళ్ళు నోరెళ్ళబెట్టారు. బెంగళూరుకే వస్తే, రాహుల్ గిరి, తన్వీ రావు కలిసి సల్క్ స్టేషన్ పేరుతో 2012లో ఆల్బమ్ తెచ్చారు, ఎలక్ట్రానిక్ బీట్ల మీద హిందుస్తానీ వాసన ఉన్న గొంతుతో.

మన వైపు డీజే అంటే మనిషి కూడా కాదు, ట్రాక్టర్ మీద పేర్చిన బాక్సులు. "పెళ్ళికి డీజే పెట్టారు" అంటాం. తీన్మార్ మొదలవగానే ముసలి మామయ్యలతో సహా దిగిపోతాం. ఆ బాక్సుల ముందు చిందేసిన కాళ్ళకి బేస్ పరాయిదెలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇదంతా మా బావమరిదికి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను, పదకొండు నిమిషాలు వచ్చింది. సగం విని, ఈ శనివారం తనూ వస్తానన్నాడు. తొమ్మిదింటికల్లా లోపలుండాలి అన్నాను. "అప్పుడెవరుంటారు బావా, పదకొండుకొస్తాలే" అన్నాడు.