కుర్సురా కట్టింది మా వాడు కాదు, నేను

ఇప్పుడే కింద హాల్లోంచి పైకొచ్చాను. చీర కూడా మార్చుకోలేదు. ముందు ఇది రాసేసి తర్వాతే అన్నం తింటాను, లేకపోతే తిన్నది అరగదు.

విషయం చిన్నదే. మా అపార్ట్‌మెంటు దసరా సంబరాల్లో ఈసారి చేతిపనుల ప్రదర్శన పెట్టారు. పిల్లలైనా పెద్దలైనా ఎవరైనా పెట్టొచ్చని వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు మెసేజ్. సరే కదా అని, మన విశాఖ బీచ్‌లో ఉన్న అసలుదాన్ని చూసి, ఆర్నెల్లు కూర్చుని లెగో ఇటుకలతో (బుడిపెలతో ఒకదానికొకటి బిగుసుకునే ప్లాస్టిక్ ముక్కలు) కట్టిన నా కుర్సురా సబ్‌మెరైన్‌ని కిందికి దించాను. లిఫ్టు కుదుపు మీద నమ్మకం లేక, వాచ్‌మన్ ఓ కొస, నేనో కొస పట్టుకుని నాలుగంతస్తులు మెట్ల మీదుగా. పురిటి బిడ్డని కూడా అంత జాగ్రత్తగా మొయ్యలేదు నేను. టేబుల్ మీద పెట్టి, నల్లగుడ్డ పరిచి, పులిహోర కలపాలని పైకొచ్చేశాను.

సాయంత్రం వెళ్ళేసరికి దాని ముందు అందమైన చీటీ. మా వాడి పేరు. దాని కింద "ఏడో తరగతి".

మా వాడు! వాడికి లెగో అంటే అరికాలికి గుచ్చుకునేది అని మాత్రమే తెలుసు. వాడి లోకం క్రికెట్టు, ఆ తర్వాత మళ్ళీ క్రికెట్టు. కుర్సురా లోపలికి తీసుకెళ్తే "అమ్మా, ఏసీ ఉందా" అని అడిగిన మనిషి.

నేను సెక్రటరీ గారి దగ్గరికెళ్ళి, "అండీ, అది నేను కట్టింది" అన్నాను. ఆయన నవ్వి, "అంటే మీరు హెల్ప్ చేశారు, అంతేగా మేడమ్, పిల్లల ప్రాజెక్టులన్నీ మనమే కదా చేసేది" అన్నారు. కాదు బాబూ, ఎవరి ప్రాజెక్టూ కాదు, నా బొమ్మ, నేనే కట్టుకున్నాను అంటే, నాకు వేళకి నిద్ర పట్టటం లేదేమో అన్నట్టు చూశారు.

ఈలోగా మూడో ఫ్లోరు వాళ్ళ టైటానిక్. అది 2021లో వచ్చిన సెట్టు, 9,090 ముక్కలు, 135 సెంటీమీటర్లు. మంచి సెట్టే, నేను కాదనను. దాన్ని ఓపిగ్గా కట్టడం కూడా పనే. కానీ దాంతో పుస్తకం వస్తుందండీ. ఏ ముక్క తర్వాత ఏ ముక్క అని బొమ్మలేసి మరీ ఇస్తారు. ఆయన అది చూసి కట్టారు. దాని ముందు చీటీ మీద ఎవరి పేరుందనుకున్నారు? ఆయనదే. పేరు, పక్కన గారు, కింద సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, దాని కింద మళ్ళీ "అభిరుచి: లెగో". ఆయనకి నలభై నాలుగు, నాకు నలభై ఒకటి. వాళ్ళ పాప మా వాడి క్లాసే. ఆ టైటానిక్ మీద ఆ పాప పేరు రాయాలని ఒక్కరికీ తోచలేదు.

నాది పుస్తకం చూసి కట్టింది కాదు. ఎంఓసీ అంటారు మా లెగో వాళ్ళు, సొంతంగా ఊహించి కట్టుకునేది. కుర్సురాకి పుస్తకం ఎక్కడుంటుంది? ఆర్కే బీచ్‌లో నిలబడి ఉంది, అదే పుస్తకం. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఇసకలో మ్యూజియమై కూర్చున్న పడవ. ఈ ఊళ్ళో దాని ముందు ఫొటో దిగని కుటుంబం లేదు, అయినా దానికి ప్రొపెల్లర్లు ఎన్నో చెప్పమంటే ఒక్కరూ చెప్పలేరు. మూడు. ముందు టార్పెడో గొట్టాలు 6, వెనక 4. నేను ఎనిమిది ఆదివారాలు వెళ్ళాను. టికెట్టు కొని లోపలికి వెళ్ళినవి నాలుగు, బయట మురీ మిక్చర్ తింటూ చుట్టూ తిరిగినవి నాలుగు. మిక్చర్ బండి అబ్బాయి చివరికి "ఏటమ్మా, సబ్‌మెరైన్ కొనీస్తారా ఏటి" అని అడిగీశాడు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను సీరియస్‌గా తీసుకున్నది ఆ అబ్బాయొక్కడే.

అసలు పడవ 91.3 మీటర్లు. నూరో వంతుకి దించితే 91 సెంటీమీటర్ల చిల్లర. ఇటుక మీద బుడిపెకీ బుడిపెకీ మధ్య 8 మిల్లీమీటర్లు, కాబట్టి 114 బుడిపెలు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ఏడిపించేది ఒళ్ళు. సబ్‌మెరైన్ గుండ్రం, ఇటుక చతురస్రం. నేరుగా పేరిస్తే మెట్లబావిలాగ వస్తుంది. అందుకని ఇటుకల్ని పక్కకి తిప్పి, బుడిపెలు బయటికి చూసేలా కట్టి, వాటి మీద వంపు ముక్కలు తొడగాలి. అక్కడే అసలు లెక్క. ప్లేటు అంటే పల్చటి ఇటుక, దాని మందం 3.2 మిల్లీమీటర్లు. అయిదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే 16. రెండు బుడిపెల వెడల్పు కూడా 16. ఆ ఒక్క సమానం దొరికితే నిలువుగా కట్టిందీ అడ్డంగా కట్టిందీ వెంట్రుక వాసి తేడా లేకుండా కలిసిపోతాయి. అది కలిసిన రాత్రి రెండున్నరకి నేను మా ఆయన్ని లేపి చూపించాను. "బాగుంది, లైటార్పు" అన్నారు.

జడ్జిగా వచ్చిన పెద్దాయనకి ఇదంతా నేనే చెప్పాను. అయిదు ప్లేట్లు, రెండు బుడిపెలు, అంతా. ఆయన శ్రద్ధగా విని మా వాడి భుజం తట్టి, "లెక్కలు బాగా వచ్చన్నమాట బాబుకి" అన్నారు. బాబుకి మొన్న యూనిట్ టెస్టులో లెక్కల్లో ఎన్నొచ్చాయో చెప్పి పరువు తీయదల్చుకోలేదు.

తర్వాత ఆయనే, "మూడు ఫ్యాన్లెందుకు నాన్నా దీనికి?" అని వాణ్ణి అడిగారు.

"డిజైన్ అంకుల్."

చప్పట్లు.

"ఫెవిక్విక్ పెట్టి అతికించారా?" అని ఇంకొకావిడ. లేదండీ. ఒక్క చుక్క జిగురు లేదు. జిగురు పెడితే మా లెగో వాళ్ళలో పెద్ద తప్పు చేసినట్టే చూస్తారు. 1958లో ఆ ఇటుకకి డెన్మార్క్‌లో పేటెంటు వేశారు. ఆ ఏడు తయారైన ఇటుక ఇవాళ కొన్న ఇటుక మీద ఇప్పటికీ టక్కుమని కూర్చుంటుంది. మా వంటింట్లో నిరుడు కొన్న డబ్బాకి నిరుడు కొన్న మూతే పట్టదు.

ఇంకో మాట. మన ఊరి ఉప్పు గాలికి బాల్కనీ గ్రిల్లు మిగల్లేదు, స్కూటీ సైలెన్సర్ మిగల్లేదు, నా కుట్టుమిషను సూదులు డబ్బాలోనే తుప్పు పట్టాయి. ఈ ప్లాస్టిక్ ఇటుకొక్కటే సముద్రానికి లొంగనిది. దానికి ఎండే పడదు. తెల్ల ముక్కలు కిటికీ పక్కన పెడితే పాత పేపరులాగ పసుపెక్కిపోతాయి. అందుకే మా ఇంట్లో ఆ గదికి కర్టెన్ తియ్యను. దానికి మా అత్తగారి వ్యాఖ్యానం వేరే పోస్టు అవుతుంది, వదిలేద్దాం.

ఖర్చు గురించి కూడా అనేవాళ్ళుంటారు, ముందే చెప్పేస్తున్నా. అవును, ఖరీదే. బయటి దేశం బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎక్కించారు. నేనేమీ పెట్టెలు పెట్టెలు కొనలేదు. నల్ల ముక్కలు విడిగా, పాతవి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి పోగేశాను. ఏడాదికి నాలుగు పట్టుచీరలు కొంటే ఎవరూ లెక్క అడగరు. నేను చీరలు మానేసి సబ్‌మెరైన్ కొనుక్కుంటున్నాను అనుకోండి.

సరే, అసలు కడుపు మండిన చోటికి వస్తాను. మా ఆయన.

ఎవరో అడిగారు, "మీరు స్టీల్‌ప్లాంట్‌లో ఇంజనీరు కదండీ, డ్రాయింగ్ మీదేనా?" అని. ఈ మనిషి గోడకి క్యాలెండరు మేకు కొడితే వెంకటేశ్వరస్వామి ఏడాదంతా పక్కకి ఒరిగి ఉంటాడు. ఆయన ఏమనాలి? "లేదండీ, మా ఆవిడ" అనాలి. రెండు ముక్కలు. ఈయన "ఏదో అలా..." అని మెత్తగా నవ్వారు. ఏదో అలా! అబద్ధం చెప్పలేదట. పైకొచ్చాక అడిగితే, "నేను నాదని అన్లేదుగా" అని. అన్లేదు స్వామీ. మీరు అన్నది నాలుగక్షరాలు, కొట్టేసింది ఆర్నెల్లు.

ఆ పక్కనే నేను కలిపిన పులిహోర గిన్నె ఉంది. ఇరవై మంది తిన్నారు. "పోపు అదిరింది వదినా, మీరే చేశారా" అని నన్నే అడిగారు. ఒక్కరంటే ఒక్కరు, "మీ అబ్బాయి చేశాడా" అనలేదు. "మీ ఆయన ఇంజనీరు కదా, చింతపండు కొలత ఆయనదేనా" అనలేదు. పక్కనే మెట్లు కట్టి బొమ్మల కొలువు. ఏటికొప్పాక లక్కబొమ్మలు, పెళ్ళివారి బండి, సన్నాయి వాళ్ళు, అంతా పేర్చింది రెండో ఫ్లోరు ఆంటీ. ఆవిడ చేత్తో చెయ్యలేదు, కొని పేర్చింది. అయినా "ఆంటీ కొలువు" అనే అన్నారు అందరూ. అనాలి కూడా. చెక్కబొమ్మ పేరిస్తే ఆడదాని పని అని తెలుస్తుంది, ప్లాస్టిక్ ఇటుక పేరిస్తే తెలీదా?

ఇవన్నీ కూడా మింగేద్దును. మా అమ్మ వచ్చింది పండక్కి. కుర్చీలో కూర్చుని పక్కావిడతో ఏమందో తెలుసా? "మా మనవడు చిన్నప్పట్నుంచీ అంతే, చెయ్యి ఊరుకోదు."

అమ్మకి తెలుసు. అందరికంటే అమ్మకే తెలుసు. అందుకే ఇప్పుడు 1992కి వెళ్తున్నాను, ఓపికున్నవాళ్ళే రండి.

షిప్పులో పనిచేసే మావయ్య సింగపూర్ నుంచి రెండు డబ్బాలు తెచ్చాడు. అన్నయ్యకి ఎర్ర డబ్బా నిండా లెగో ఇటుకలు. నాకు ప్లాస్టిక్ వంట సామాను, గులాబీ రంగు స్టవ్వుతో సహా. అన్నయ్య రెండ్రోజులు ఆడి డబ్బా మంచం కిందికి తోసేశాడు. తర్వాత ఆరేళ్ళు ఆ డబ్బాతో ఆడింది నేను. ఆడింది అనకూడదు, తీసింది అనాలి, ఎందుకంటే ప్రతిసారీ "అన్నయ్యని అడిగావా" అనేవాళ్ళు. పెదవాల్తేరు ఇంటి వరండాలో లైట్‌హౌస్ కట్టాను, డాల్ఫిన్స్ నోస్ కొండ కట్టాను, రేవు క్రేన్ కట్టాను. చూడ్డానికి వచ్చిన చుట్టాలకి అమ్మ ఏం చెప్పేదో ఊహించండి. "మా అబ్బాయిది."

2014లో హుద్‌హుద్ వచ్చింది కదా, అక్టోబరు 12. వరండా రేకులు ఎగిరిపోయాయి, పెరట్లో మామిడిచెట్టు కూలింది, అటక మీద సామానంతా తడిసి ముద్దయింది. ఆ ఎర్ర డబ్బా మాత్రం అలాగే ఉంది, మూత కూడా ఊడలేదు. నేను తుడిచి ఆరబెట్టాను. సంక్రాంతికి అన్నయ్య అమెరికా నుంచొచ్చి వాళ్ళబ్బాయి కోసం దాన్ని పట్టుకుపోయాడు. తుఫానుకి పోని డబ్బా సూట్‌కేసులో పోయింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది: "అది వాడిదేగా."

వాడిదే. చట్టప్రకారం వాడిదే, ఒప్పుకుంటా. ఆ తర్వాతి నెల జీతంతోనే నేను మొదటి డబ్బా కొనుక్కున్నాను.

కానీ అందులోంచి ఏడు ఎర్ర ఇటుకలు అప్పటికే తీసి దాచుకున్నాను. దొంగతనమే, అన్నయ్యా, చదువుతున్నావు కదా, రాసుకో. రెండు వరసల్లో నాలుగేసి బుడిపెలుండే మామూలు ఇటుకలు. అలాంటివి ఒకే రంగువి ఆరు ఉంటేనే 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా కలపొచ్చట, ఎవరో డెన్మార్క్ వాళ్ళు లెక్క కట్టారు. నేను ఏడింటిని ఒకే రకంగా పెట్టాను. కుర్సురా అడుగున, వెన్నుపట్టి లోపల, ఒకదాని పక్కన ఒకటి. బయటికి కనపడవు. మొత్తం పడవ వాటి మీదే నిలబడింది. అవి అక్కడున్నాయని ఈ ప్రపంచంలో నాకు తప్ప ఎవరికీ తెలీదు, ఇప్పుడు మీకు తెలిసింది. ఏడో తరగతి కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

ఇంతకీ ఫస్ట్ ప్రైజు మాకే. మాకు అంటే మా వాడికి. మైకులో పేరు పిలిచారు, వీడు వెళ్ళాడు, తీసుకున్నాడు, "థాంక్యూ అంకుల్" అన్నాడు. ప్రైజు ఏమిటో తెలుసా? జామెట్రీ బాక్సు. కాంపసు, డివైడరు, రెండు మూలమట్టాలు, ఓ రబ్బరు. పెద్దలు కూడా పెట్టొచ్చన్న ప్రదర్శనకి! టైటానిక్ ఆయనకి శాలువా కప్పారు.

మా వాణ్ణి లిఫ్టులో నిలదీశాను. "నేను చెప్దామనే అనుకున్నానమ్మా, అంకుల్ మైక్ లాగేసుకున్నాడు" అన్నాడు. సరే, పన్నెండేళ్ళవాడు, వాణ్ణేమంటాం. నలభై ఏడేళ్ళ మా ఆయన చేతిలో మైకే లేదు, ఆయనా చెప్పలేదు.

ఇది రాస్తూ మధ్యలో గ్రూపులో కూడా పెట్టేశాను. ఫొటో పెట్టి, కింద స్పష్టంగా, "ఈ సబ్‌మెరైన్ కట్టింది నేను. మా అబ్బాయి కాదు, మా వారు కాదు. చీటీ తప్పు." అని. పది నిమిషాల్లో పద్నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి. సెక్రటరీ గారు జవాబు కూడా ఇచ్చారు.

"సూపర్ మేడమ్. బాబుకి మా అందరి తరఫున కంగ్రాట్స్ చెప్పండి."

ఆ జామెట్రీ బాక్సులో కాంపసు మంచి పదునుగా ఉంది. ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను.