అడవికి అర్థం చెప్పే నిఘంటువు గారికి ఒక ఉత్తరం

విశాఖపట్నం,
ఆదివారం, కరెంటు పోయిన మధ్యాహ్నం.

నిఘంటువు గారికి నమస్కారాలు.

యాభై ఏళ్లుగా మా ఇంట్లోనే ఉంటున్నా మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాలవాడితో గంటసేపు బేరమాడి మా నాన్న మిమ్మల్ని తెచ్చారట. ఆయన ఉన్నన్నాళ్లూ బీరువా పై అరలో దర్జాగా కూర్చున్నారు. ఆయన పోయాక మీకు రకరకాల డ్యూటీలు పడ్డాయి. మనవరాలి డ్రాయింగు కాగితాల మీద బరువుగా కొన్నాళ్లు, కుంటి టేబుల్ కాలి కింద ఎత్తుగా కొన్నాళ్లు. అట్ట ఎప్పుడో ఊడింది. ఈమధ్య 'అ' పేజీలు కూడా దారం వదిలి వేలాడుతున్నాయి. ఇంత చులకన చేసినందుకు ముందుగా క్షమించాలి. మీరు ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నారో నాకు తెలియదండి. ఈమధ్యే తెలిసింది.

కేరళలో నీలంబూరు కోవిలకానికి, అంటే అక్కడి రాజకుటుంబానికి, చెందిన టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ అనే పెద్దాయన, తమిళనాడులోని గూడలూరు అడవులు నరికేస్తున్నారని 1995లో సుప్రీంకోర్టుకెక్కారు. నరుకుడు సంగతి తర్వాత, అసలు అడవంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. 1927 నాటి అటవీ చట్టం తిరగేస్తే అందులో అడవికి నిర్వచనం లేదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టంలోనూ లేదు. పెళ్లి పత్రిక అచ్చేసి పెళ్లికూతురి పేరు మర్చిపోయినట్టన్నమాట. అప్పుడు కోర్టువారు 1996 డిసెంబరు 12న తేల్చి చెప్పారు: అడవి అన్న మాటకి నిఘంటువులో ఏ అర్థం ఉందో అదే అర్థం. సర్కారు రికార్డులో అడవి అని ఉన్న నేలా అడవే, యజమాని ఎవరైనా సరే.

అంటే ఆ రోజు నుంచీ ఈ దేశంలోకెల్లా పెద్ద ఫారెస్టు గార్డు మీరే. యూనిఫారం లేదు, జీపు లేదు, జీతం లేదు, టి.ఎ. లేదు. మేమేమో మిమ్మల్ని టేబుల్ కాలి కింద పెట్టాం!

ఉద్యోగం తెలిశాక గౌరవంగా కళ్లజోడు తుడుచుకుని మీ 'అ' పేజీ తెరిచాను. అడవి: అరణ్యము, కాన, వనము, విపినము, గహనము, కాంతారము. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ పక్కనే సర్వే నంబరు లేదు. విస్తీర్ణం లేదు. తూర్పున ఎవరి జాగా, పడమర ఏ గెడ్డ అన్న హద్దులు లేవు. ఇన్ని పర్యాయపదాలు పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తే ఏ గుమస్తా అయినా 'కవిగారా, కూర్చోండి' అంటాడు గానీ మాట వింటాడా?

నిజంగానే వెళ్లాను లెండి. మధురవాడ వైపు మా ఇంటి వెనక ఒక మెట్ట, అంటే చిన్న కొండ, ఉంది. ఈత తుప్పలు, సీతాఫలం, పైన రెండు నేరేడు చెట్లు, వాన పడితే దిగువ గెడ్డలోకి దూకే చిన్న ధార. ఉడుములున్నాయి, ముంగిసలున్నాయి, తెల్లవారుజామున నెమళ్లు అరుస్తాయి. ఒకరోజు దాని నడుం దగ్గర పసుపు రంగు జేసీబీ కనబడితే, ఇది అడవా కాదా చెప్పండని సమాచార హక్కు కింద రెండు ఆఫీసులకి అర్జీ పెట్టాను. మొదటి ఆఫీసు జవాబు: 'సదరు భూమి మా రికార్డులో లేదు, రెండో ఆఫీసుని సంప్రదించవలెను.' రెండో ఆఫీసు జవాబు: 'సదరు భూమి కొండ పోరంబోకు. చెట్ల విషయమై మొదటి ఆఫీసుని సంప్రదించవలెను.' రెండు ఉత్తరాలకీ ఒకే రకం స్టాంపు, ఒకే రకం వంకర సంతకం. జేసీబీ మాత్రం ఎవర్నీ సంప్రదించలేదు. అది స్వతంత్ర భావాలు గలది.

పోనీ అని, ఆ మెట్ట కిందే గంప పెట్టుకుని సీతాఫలాలు అమ్మే మామ్మని అడిగాను. "అడవో కాదో నాకేటి తెలుస్తాది బావూ? మా అత్త కాలం నుండి కట్టెలకీ పళ్లకీ ఎల్తన్నాం. పళ్లు కాసినంతకాలం అడవే. ఫ్లాట్లు కాసిందంటే ఊరు" అంది. కోపం తెచ్చుకోకండి గానీ, మీ నిర్వచనం కన్నా ఇదే నయంగా ఉంది.

మీకు పోటీగా ఆకాశంలో ఇంకొకాయన ఉన్నాడు, తెలుసా? ఉపగ్రహం. రెండేళ్లకోసారి అడవుల లెక్క తీసే కేంద్ర సంస్థకి ఆయనే కళ్లు. ఆయన రూలు తేలిక: ఒక హెక్టారుకి మించిన జాగాలో పది శాతం కన్నా ఎక్కువ ఆకునీడ కనిపిస్తే చాలు, అది అటవీ విస్తీర్ణం. నేల ఎవరిదని అడగడు, ఏ చెట్టని అడగడు. మన భీమిలి వైపు సరుగుడు తోట, జీడిమామిడి తోట, కొబ్బరి తోట, అన్నీ ఆయన ఖాతాలో జమ. మన మెట్ట మీది తుప్పలు మాత్రం ఆ పది శాతం దాటితేనే జమ, లేకపోతే ఖాళీ జాగా. ఈ లెక్కతోనే 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్ అటవీ విస్తీర్ణం రెండేళ్లలో 647 చదరపు కిలోమీటర్లు పెరిగిందనీ, పెరుగుదలలో దేశానికే మొదటి స్థానం మనదనీ తేలింది. ఆ రోజు పేపరు చదివి నేను మేడ మీదకెక్కి నాలుగు దిక్కులా వెతికాను. కట్టడాల కోసం తవ్వి గుండు చేసిన రుషికొండ తప్ప కొత్తగా ఏమీ కనబడలేదు. బహుశా నా కళ్లజోడు నంబరు మారి ఉంటుంది.

ఇక మీ ఉద్యోగానికి ఎసరు పెట్టిన సంగతి. 2023లో పార్లమెంటు 1980 నాటి చట్టాన్ని సవరించింది. అడవిగా నోటిఫై అయిన నేల, 1980 అక్టోబరు 25న గానీ ఆ తర్వాత గానీ సర్కారు రికార్డులో అడవి అని ఎక్కిన నేల, ఇవే చట్టం కిందికి వస్తాయంది. కాగితం లేని అడవి కట్టుబట్టలతో బయట నిలబడింది. పనిలో పనిగా చట్టం పేరు కూడా 'వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియమ్' అని మార్చారు. ఇప్పుడు చట్టంలో ఏముందో తర్వాత, దాని పేరుకి అర్థం చూడ్డానికే ఇంకో నిఘంటువు కొనాలి. మీ శాఖకి చిన్న లాభమే లెండి.

మీరు రిటైరయ్యారని అనుకునేలోపు 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మళ్లీ పిలిచింది. రాష్ట్రాలు తమ అడవులన్నీ గుర్తించి లెక్క తేల్చేదాకా నిఘంటువు అర్థమే నడవాలి అంది. ఆ లెక్క కోసం నెల రోజుల్లో నిపుణుల కమిటీలు వెయ్యమని 2025 మార్చిలో రాష్ట్రాలకి ఆదేశం. అది విన్నప్పుడు ఎక్కడో విన్నట్టు అనిపించింది. 1996లోనూ ఇదే మాట: నెల రోజుల్లో కమిటీ వెయ్యండి. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కూడా అదే నెల. 'నెల' అన్న మాటకి మీ దగ్గర ఇంకేదైనా అర్థం ఉంటే వీలు చూసుకుని సవరించగలరు.

ఆ లెక్క తేలకపోతే ఏమవుతుందో 2025లోనే హైదరాబాదులో చూశాం. కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాలు. చెట్లూ జింకలూ నెమళ్లూ ఉన్నాయి గానీ అడవని నోటిఫికేషను లేదు. వరస సెలవులు చూసుకుని బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి చాలా జాగా చదునైపోయింది. అడవా కాదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది, మొద్దులు మాత్రం సాక్ష్యానికి రాలేవు.

పక్క రాష్ట్రాన్ని ఆడిపోసుకుని ఏం లాభం, మన ఇంటి సంగతీ చెబుతాను. మనకి సొంతంగా 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ఉంది. అందులో 4వ సెక్షను నిశ్చితార్థం లాంటిది: ఫలానా నేలని రిజర్వు ఫారెస్టు చెయ్యదలిచామని ప్రకటన. అభ్యంతరాలు విని, హక్కులు తేల్చి, 15వ సెక్షను కింద చేసే ఆఖరి ప్రకటన పెళ్లి. తాంబూలాలు పుచ్చుకుని దశాబ్దాలు గడిచినా పీటల మీదకి రాని బ్లాకులు రాష్ట్రంలో ఉన్నాయి. ఆ పెళ్లికూతుళ్లు ముసలివాళ్లయిపోయారు, హద్దురాళ్లు మొక్కజొన్న చేలల్లో కలిసిపోయాయి. పెళ్లికి ఆఖరి గడువు పెట్టాలని ఎవరికీ తోచదు. నీరు, భూమి, చెట్ల కోసం 2002లో తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. సంతోషం. చెట్టుకి పర్మిషనుంది, అడవికి మాత్రం అర్థం లేదు!

కాగితం పడితే ఏమవుతుందో కూడా మన ఊళ్లోనే చూడొచ్చు. హనుమంతవాక దాటాక హైవే పక్కన కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం రాజులది. ఇప్పుడు సుమారు డెబ్భై చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. చుట్టూ ఇంత ఊరు పెరిగి మీద పడుతున్నా లోపల ఇంకా చిరుత తిరుగుతోందంటే, అది చిరుత ధైర్యం ఒక్కటే కాదండి, గెజిట్ ధైర్యం కూడా. కంబాలకొండకీ మా మెట్టకీ తుప్పల్లో తేడా లేదు. గెజిట్లోనే ఉంది.

ఇక్కడ నన్ను నేనే ఒకసారి ఆపుకోవాలి. చట్టం అనగానే చప్పట్లు కొట్టే రకం కాదు మన పాత విశాఖ జిల్లా. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీదా, అడవిలో తిరగడం మీదా పెట్టిన ఆంక్షలు మన్యాన్ని ఎంత రగిలించాయో 1922 ఆగస్టు 22న అల్లూరి దాడి చేసిన చింతపల్లి పోలీసు స్టేషను చూసింది. అడవిని కాపాడటమంటే అడవిలో ఉన్నవాళ్లని బయటికి నెట్టడం అని తెల్లదొర అనుకున్నాడు. ఆ బుద్ధి మన దొరలకీ పూర్తిగా పోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం పట్టాల కోసం ఏజెన్సీ జనం ఇంకా తిరుగుతూనే ఉన్నారు. కాబట్టి నేను అడుగుతున్నది ఇంకో కంచె కాదు.

అడుగుతున్నది వన్ ఆఫ్ సెవెంటీ లాంటి మాట. మీ పేజీల్లో దొరకదు గానీ పాడేరులో టీ కొట్టు దగ్గర ఎవర్నడిగినా చెప్తారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతిలోకి పోకూడదని 1959లో మన రాష్ట్రం చేసుకున్న రెగ్యులేషను, 1970లో ఒకటో నంబరు సవరణతో గట్టిపడ్డ రెగ్యులేషను. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమతా సంస్థ కోర్టుకెళ్తే, 1997లో సుప్రీంకోర్టు ఆ రెగ్యులేషన్నే పట్టుకుని, ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి ఆ నేల ఇవ్వడానికి వీల్లేదంది. సర్కారు చేతిని సర్కారు చట్టమే పట్టుకుంది. రాష్ట్రం ఒక్క మాట సూటిగా రాసుకుంటే ఎంత బలమొస్తుందో చూశారా? అదే పని నిఘంటువు వల్ల అయ్యుండేదా, చెప్పండి. నొచ్చుకోకండి.

అడిగితే ఏమంటారో నాకు తెలుసు. 1976లో 42వ సవరణతో అడవులు ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి, కేంద్రం చూసుకుంటుంది అంటారు. ఉమ్మడి ఆస్తికి కాపలా ఎవరని అడిగితే అన్నదమ్ములిద్దరూ రెండోవాడి వైపు వేలు చూపించినట్టు. ఉమ్మడి అంటే ఇద్దరూ కాయొచ్చని కూడా అర్థమే. మీరైనా ఒకసారి చెప్పండి, ఆ మాట మీ దగ్గర 'ఉ'లో ఉంటుంది.

అందుకని మీరు ఛార్జి అప్పగించే కాగితం ఒకటి తయారుచేశాను, సంతకం చేస్తే అమరావతికి పంపుతాను. అందులో రాసింది ఇంతే: అడవి అనే మాటకి అర్థం ఇకనుంచీ రాష్ట్ర చట్టంలోనే ఉండాలి, తుప్పలూ మెట్టలూ గెడ్డ పుట్టే చోట్లూ కలిపి. కాగితం లేని అడవులన్నీ ఊరూరా సర్వే నంబర్లతో పంచాయతీ గోడ మీద కనపడాలి, ఆ జాబితా గ్రామసభలో చదివి, సీతాఫలాల మామ్మలాంటివాళ్లు ఒప్పుకున్నాకే ఖాయం కావాలి. ఒకసారి ఎక్కిన నేలని తీసెయ్యాలంటే రాత్రికి రాత్రి జీవో చాలదు, శాసనసభలో చేతులెత్తాలి, ఎవరెత్తారో మాకు కనపడాలి. 4వ సెక్షను నిశ్చితార్థాలకి ఆఖరి ముహూర్తం ఉండాలి. నిషేధ భూముల 22ఎ జాబితా పెట్టి మా పక్కింటాయన సొంత ఇంటి రిజిస్ట్రేషన్ని మూడేళ్లు ఆపగలిగిన రాష్ట్రం, ఒక మెట్టని ఆపలేదంటే నేను నమ్మను.

ఈ ఉత్తరం రాస్తుండగానే కరెంటొచ్చింది. ఫ్యాను తిరిగేసరికి మీ మొదటి పేజీలు లేచి గది నిండా ఎగిరాయి. అన్నీ ఏరాను. 'అటక' దొరికింది, 'అడ్డా' దొరికింది. మధ్యలో అడవి ఉన్న పేజీ కిటికీలోంచి వెనక మెట్ట వైపు పడి ఉంది. మనవరాలు పరిగెత్తి తెచ్చింది. ఒక అంచున జేసీబీ తాలూకు ఎర్రమన్ను అంటుకుంది.

మా ఆవిడ మైదాపిండి ఉడకబెడుతోంది. జిగురు చిక్కబడగానే అతికించేస్తాను. టేబుల్ కాలి కింద ఇకమీదట ఇటుక పెడతాం.

ఇట్లు,
మెట్ట కింద కాపురముంటున్నవాడు