అంధుల సంస్థకి రెండర్లు పట్టుకెళ్లి ఎవరికి చూపిద్దామని?

ఇంటీరియర్ డిజైన్ ఫైనలియర్‌లో అంధుల సంస్థని ప్రాజెక్టుగా తీసుకోవడం మంచిదే. తీరా మార్కులేసే జ్యూరీ రోజు చూస్తే గోడ నిండా ఏ1 షీట్లు, సాయంత్రపు ఎండ పడుతున్న లాబీ రెండరు (కంప్యూటర్‌లో చేసిన, ఫోటోలాంటి బొమ్మ), అందులో ఓ మూల అంధులకి దారి చూపే గైడ్ డాగ్. (మన ఊళ్లలో గైడ్ డాగ్‌ని చూసినవాళ్లెంతమంది చెప్పండి?) ఆ లాబీలో రోజూ తిరగాల్సినవాళ్లు తప్ప మిగతా అందరూ మార్కులేస్తారు. నా గొడవంతా ఇదే.

చేత్తో తడిమి చూసే మోడల్ చేయండి. పెద్ద ఖర్చు కాదు, ఫోమ్ బోర్డు, ఫెవికాల్ చాలు. స్కేలు మాత్రం 1:50కి, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతుకి తగ్గకూడదు. 900 మి.మీ. తలుపు 1:50లో 18 మి.మీ. వస్తుంది, చూపుడువేలు అందులోంచి దూరుతుంది. 1:100లో 9 మి.మీ., వేలు పట్టదు, అక్కడ తలుపుందనే తెలీదు. మోడల్ మరీ పెద్దదైనా కష్టమే. రెండు చేతులు చాపితే అందేంత, అంటే సుమారు 60 సెం.మీ. లోపు ఉంటేనే మొత్తం ప్లాను ఒకేసారి మనసుకెక్కుతుంది. గోడలు 2 సెం.మీ. ఎత్తులో కోసేయండి. పైకప్పు వద్దు. ఫర్నిచర్ గట్టిగా అంటించండి, తడిమితే ఊడొస్తుంది. ఫ్లోరింగ్ తేడాకి కార్క్, రబ్బరు, వెల్వెట్ వాడండి. గరుకు శాండ్‌పేపర్ జోలికి పోకండి, ఆ వేలి కొనలతోనే వాళ్లు చదువుకోవాలి.

బ్రెయిల్ లేబుళ్ల దగ్గరే ఎక్కువమంది బోల్తా కొడతారు. బ్రెయిల్‌ని మన ఫాంట్‌లా చిన్నది చేయడం కుదరదు. ఒక్కో గడి (ఒక గుర్తు చుక్కలు పట్టే చోటు) ఇంచుమించు 6 మి.మీ. వెడల్పు పడుతుంది. 3 మీటర్ల గది మోడల్‌లో 6 సెం.మీ., అంటే పదే గడులు. ‘వంటగది’ పడుతుంది, ‘కంప్యూటర్ శిక్షణ గది’ పట్టదు. గదిలో ఒక్క అక్షరం పెట్టి, వివరం వేరే షీటులో ఇవ్వండి. ఇంకోటి, బ్రెయిల్ స్లేటు (గడులున్న చట్రం) మీద స్టైలస్‌తో (మొనదేలిన పుల్ల) గుచ్చేటప్పుడు కుడి నుంచి ఎడమకి, అద్దంలో బొమ్మలా తిప్పి గుచ్చాలి. చార్టు చూసి ఉన్నదున్నట్టు గుచ్చితే కాగితం తిప్పాక అంతా తిరగబడి ఉంటుంది. ఇక చుక్కల్ని వినైల్ మీద చదునుగా ప్రింట్ చేసి ‘బ్రెయిల్ సైనేజ్’ అనేవాళ్లకి ఏం చెప్పాలో నాకైతే తెలీదు.

ఇది కుదరని పనేం కాదు. 2008లో చూపు పోయిన అమెరికన్ ఆర్కిటెక్ట్ క్రిస్ డౌనీ ప్లాన్లని ఉబ్బెత్తు గీతలతో ప్రింట్ చేయించుకుని వేళ్లతో చదువుతాడు. మార్పులు చెప్పాలంటే ఆ ప్రింటు మీదే మైనం పూసిన దారాలు అంటిస్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లైట్‌హౌస్ అనే అంధుల సంస్థ కొత్త ఆఫీసుకి సలహాదారు ఆయనే.

ఇప్పుడు డిజైన్ సంగతి. అంధుల సంస్థ అనగానే లోపల చీకటే అన్నట్టు గీస్తారు. అక్కడికొచ్చేవాళ్లలో చాలామందికి ఎంతో కొంత చూపుంటుంది. వాళ్లకి అసలు శత్రువు మెరుపు. అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్, కారిడార్ చివర నిలువెత్తు కిటికీ, ఈ రెండూ కలిస్తే నేలేదో నీళ్లేవో తేలదు, ఎదురొచ్చే మనిషి నల్లటి నీడైపోతాడు. మ్యాట్ టైల్ వేయండి, కిటికీ పక్క గోడకి మార్చండి. గోడకీ తలుపుకీ ఎల్‌ఆర్‌వి (రంగు ఎంత వెలుతుర్ని తిప్పికొడుతుందో చెప్పే అంకె) తేడా కనీసం 30 పాయింట్లుండాలి. పెయింటు షేడ్ కార్డులో ఆ అంకె లేకపోతే ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే ఆ జత పనికిరాదు. ఎరుపు, ఆకుపచ్చ జత ఇక్కడే దొరికిపోతుంది. మెట్ల అంచుకి 50 మి.మీ. పట్టీ వేయండి. నల్ల గ్రానైట్ మెట్టుకి నల్ల పట్టీ వేసే ఘనులూ ఉన్నారు.

పసుపు టాక్టైల్ టైళ్ల (కాలికి, కర్రకి తెలిసేలా ఉబ్బెత్తు చుక్కలు, గీతలు ఉండేవి) పిచ్చి ఇంకోటి. సెయిచి మియాకే వాటిని కనిపెట్టాక 1967లో జపాన్‌లోని ఒకాయామాలో మొదట వేసింది రోడ్డు దాటే చోట. పట్టుకోవడానికి గోడ లేని చోటు కోసం పుట్టిన వస్తువది. ఐదడుగుల కారిడార్‌కి రెండు పక్కలా గోడలుండగా మధ్యలో ఎందుకు? అంధుల చేతికర్ర గోడ వెంబడే పోతుంది. ఆ గోడ వారన కుర్చీలు, చెత్తబుట్టలు లేకుండా చూడండి చాలు. మెట్లకి 300 మి.మీ. ముందు చుక్కల టైళ్లు మాత్రం పైనా కిందా తప్పనిసరి.

కర్ర నేలనే తడుముతుంది కాబట్టి ఛాతీ ఎత్తులో గోడ నుంచి పొడుచుకొచ్చినవి దానికి అందవు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, వాష్‌బేసిన్, బయటికి తెరుచుకునే కిటికీ రెక్క, అన్నీ మొహానికో మోచేతికో తగిలేవే. అమెరికా ప్రమాణాల్లో 685 మి.మీ. నుంచి 2030 మి.మీ. ఎత్తు మధ్య గోడ నుంచి 100 మి.మీ. మించి ముందుకు రానివ్వరు. మెట్ల కింద ఖాళీనీ మూసేయండి. సగం తెరిచిన తలుపు అన్నిటికంటే ప్రమాదం, స్లైడింగ్ పెట్టండి.

ఇవన్నీ షీటులో చిన్న బాణం గుర్తులు. మోడల్‌లోనైతే వేలికే తగులుతాయి. అందుకే ప్లాను ఖాయం కాకముందే, అంటించని పార్టిషన్లు జేబులో వేసుకుని మోడల్‌ని సంస్థకి పట్టుకెళ్లండి, అక్కడే జరిపి చూడొచ్చు. కొత్త స్కీముకంటే ముందు ఇప్పుడున్న బిల్డింగ్‌ది ఒకటి చేయండి. మీ స్కీము ఎప్పటికీ కట్టకపోయినా అది అక్కడ గేటు దగ్గర బల్ల మీద ఉంటుంది, కొత్తగా చేరినవాళ్లకి బాత్రూమ్ ఎక్కడుందో ఇంకొకళ్లని అడిగే పని తప్పుతుంది.