నా కాళ్ళ దివ్యసముఖానికి

మహారాజరాజశ్రీ కుడికాలు గారికి, ఎడమకాలు గారికి,

తమరు నలభై ఏడేళ్ళుగా మోస్తున్నవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నడుము పైన మేమంతా క్షేమం. మోకాళ్ళ కింద తమరు కూడా క్షేమమేననీ, ఉండాల్సినదానికన్నా నాలుగింతలు హుషారుగా ఉన్నారనీ నిన్న రాత్రి నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చిన స్లీపర్ బస్సులో అందరికీ తెలిసింది. నాకైతే పదేళ్ళుగా తెలుసు. మిగతా ముప్ఫైమందికి తెలియాల్సిన అవసరం ఏమొచ్చిందన్నదే నా బాధ.

మూడు వారాలు తమరు మాట మీద నిలబడ్డారు. రాత్రి పదిన్నరకి నడుం వాలిస్తే తెల్లారి ఆరింటికి లేచాను, మనిషిలాగా. పక్క గదికి మకాం మార్చిన మా ఆవిడ తన దిండు తిరిగి తెచ్చుకుంది. ఆ దిండుని చూసే మోసపోయాను. నెల్లూరులో బావమరిది గృహప్రవేశానికి వెళ్ళి, తిరుగు ప్రయాణానికి డబుల్ బెర్తులో పైది, అందులోనూ కిటికీ వైపుది ధైర్యంగా బుక్ చేసుకున్నాను.

నాయుడుపేట దాకా చప్పుడు లేదు. శ్రీకాళహస్తి దగ్గర కుడికాలు గారు మొదలుపెట్టారు. అన్నగారు మొదలుపెడితే తమ్ముడుగారు ఊరుకుంటారా? ఇది నొప్పా అంటే, నొప్పయినా బాగుండేది, నలుగురికీ చెప్పుకోవచ్చు. తిమ్మిరి అనడానికీ లేదు. పిక్కల లోపల ఎక్కడో గోలీసోడా కొట్టినట్టు బుసబుసమని ఏదో పైకొస్తుంది. కాలు కదిపితే పోతుంది, ఆపితే వస్తుంది. బిగబట్టుకుంటే మొదట ఇరవై దాకా లెక్కపెట్టొచ్చు. తర్వాత పది దాకా. ఆ తర్వాత నా ప్రమేయం లేకుండానే కాలు తన్నేస్తుంది. మొదటి తన్ను బస్సు గోడకి తగిలింది. రెండోది పక్కనున్న పెద్దాయనకి.

ఆయన మర్యాదస్థుడు. "ఒంట్లో బాగాలేదా బాబూ?" అన్నాడు.

"కాళ్ళండీ."

"నొప్పులా?"

"నొప్పులు లేవండీ. కదపాలనిపిస్తుంది."

ఆయన చీకట్లో కాసేపు ఆలోచించి, తన సంచీని అవతలి పక్కకి జరుపుకున్నాడు.

ఆయన్ని దాటి, నిచ్చెన దిగి, నడవాలో నడక మొదలుపెట్టాను. డ్రైవర్ తలుపు నుంచి చివరి బెర్తు దాకా పద్నాలుగు అడుగులు. నాలుగు రౌండ్లు తిరిగేసరికి తమరు జోల పాడిన పిల్లల్లా సద్దుమణిగారు. ఎక్కి పడుకోగానే మళ్ళీ లేచారు. మూడోసారికి పెద్దాయన నేను అడక్కముందే లేచి కూర్చుని దారిచ్చాడు. చిత్తూరు చేరకముందు, కాణిపాకం పోయే దారి దగ్గర, ఒక ఆలోచన వచ్చింది. తమరిద్దరినీ ఆ వినాయకుడి ముందు నిలబెట్టి "మేమే పాపం ఎరగం" అని ప్రమాణం చేయిస్తే? చేసేస్తారు. పగటిపూట తీసుకెళ్తే అది నిజమేనని నేను కూడా నమ్మేస్తాను.

క్లీనర్ కుర్రాడు వచ్చాడు. "బాత్‌రూమా సార్? ఇంకో అరగంటలో ఆపుతాం."

"బాత్‌రూమ్ కాదు."

"మరి?"

"ఊరికే."

అర్ధరాత్రి దాటాక స్లీపర్ బస్సులో ఊరికే నడిచేవాణ్ణి ఎవరు నమ్ముతారు? కింది బెర్తు తెర తొలిగింది. సెల్‌ఫోన్ లైటు నా మొహం మీద పడింది. "ఎవురో ఇందాకట్నించి తిరగతానే ఉండాడబ్బాయ్, బ్యాగులు చూసుకోండి!" అని ఒకావిడ బస్సుకంతా చాటింపు వేసింది. అది నెల్లూరు గొంతు, ఇంజన్ మోత దానికి అడ్డమే కాలేదు. మెడలో గొలుసు తడిమి చూసుకుని మరీ పడుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆదాయపు పన్ను కడుతున్నవాణ్ణి. సరిగ్గా అప్పుడే బస్సు మొగిలి ఘాట్ మలుపు తిరిగింది. నేను ఎవరి తెర మీద పడ్డానో రాయను. ఆవిడే.

ఆ తర్వాత కుర్రాడు నన్ను తీసుకెళ్ళి డ్రైవర్ పక్కన కూర్చోబెట్టాడు, కళ్ళెదురుగా ఉంటానని. డ్రైవర్ "షుగరా సార్?" అన్నాడు. కాదన్నాను. "అయితే గ్యాస్" అని తేల్చేశాడు.

పలమనేరు, ముళబాగిలు, కోలారు. గేరు బాక్సు పక్కన కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ అన్ని బోర్డులూ చదివాను. హోసకోట దగ్గరికొచ్చేసరికి ఐదయింది. అప్పుడు పడుకున్నారు తమరు. ఇద్దరూ ఒకేసారి, దుంగల్లా. ఆహా అనుకుని కళ్ళు మూశాను. "టిన్ ఫ్యాక్టరీ, టిన్ ఫ్యాక్టరీ! లేవండి సార్, దిగాలి."

మిగతావన్నీ క్షమిస్తాను. ఈ వేళాపాళా మాత్రం నాకు మింగుడు పడటం లేదు. పగలంతా బసవనగుడి నందిలా కదలకుండా ఉంటారు. డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే ఎంత ఎగరాలో అంతే ఎగిరి, ఇంత మంచి కాళ్ళు ఈ ఊళ్ళోనే లేవనిపిస్తారు. సాయంత్రం ఏడవనివ్వండి. అమెరికా వాళ్ళతో కాల్ మొదలవుతుంది, బల్ల కింద తమరి కచేరీ మొదలవుతుంది. మా మేనేజరు కెమెరాలో నా భుజాలు ఊగడం చూసి "టెన్షన్ పడకండి, అప్రైజల్ బాగానే ఉంటుంది" అని ఓదార్చాడు (బాగా లేదు). మారతహళ్ళి వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే తమరికి పండగ. ఆఫీసు క్యాబులో మధ్య సీటు, అటొకరు, ఇటొకరు, దిగి నడవడానికి లేదు. నాలుగు కిలోమీటర్లకి గంట. దిగి నడుస్తున్నవాళ్ళు మమ్మల్ని దాటిపోతుంటే వాళ్ళ కాళ్ళని చూసి ఏడుపొచ్చేది.

ఇక పడక. పదకొండింటి నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా కాలు కాలిన పిల్లిలా హాలు, వంటిల్లు, బాల్కనీ. మన రాష్ట్రంలో పాదయాత్ర చేసినవాళ్ళు ముఖ్యమంత్రులయ్యారు. అంతకన్నా ఎక్కువే నడిచిన నాకు దక్కింది కింది ఫ్లాటువాళ్ళు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజి: రాత్రి రెండింటికి పైన ఎవరో తిరుగుతున్నారు, మాకు భయంగా ఉంది. దయ్యమన్న అనుమానం రాకముందే కిందికి దిగి సెల్లార్‌లో తిరగడం మొదలుపెట్టాను. వాచ్‌మన్ "ఏన్ సార్, నిద్దె బర్లిల్వా?" అని రోజూ అడుగుతాడు. రాలేదయ్యా. నువ్వు కుర్చీలో కూర్చుని గురక పెడతావే, ఆ కుర్చీ నాకివ్వు, జీతం నువ్వే తీసుకో.

ఒరేయ్, మీకు సిగ్గుందా? పదేళ్ళు. పదేళ్ళలో ఒక్క సినిమా సెకండ్ షో కూర్చుని చూశానా? చివరి వరసలో గోడకానుకుని నిలబడి చూశాను. మా అమ్మాయి అరంగేట్రంలో ఆ పిల్ల స్టేజీ మీద ఆడుతుంటే మీరు కింద ఆడారు. ముందు వరస వదిలేసి తలుపు దగ్గర నిలబడ్డాను. నాన్న మధ్యలో లేచి వెళ్ళిపోయాడని అది రెండ్రోజులు మాట్లాడలేదు. చచ్చేంత నిద్ర కళ్ళ మీద పెట్టుకుని, పరుపు ఎదురుగా ఉండగా, పడుకోవడానికి వీల్లేక గోడలు పట్టుకు తిరగడం ఎలా ఉంటుందో మీకు తెలుసా? మీకెందుకు తెలుస్తుంది. పొద్దున్న హాయిగా పడుకునేది మీరేగా.

మన్నించాలి. తమరిని ఒరేయ్ అన్నందుకు చింతిస్తున్నాను. మళ్ళీ రాత్రయితే తమరితోనే పని.

వైద్యం చేయించలేదని తమరు అనడానికి లేదు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి కాల్షియం రాశాడు. మరొకాయన రక్తనాళాలకి స్కాన్ చేయించి మేజోళ్ళు కొనిపించాడు. పన్నెండు బి12 ఇంజెక్షన్లు. ఆ తర్వాత నరాల డాక్టరమ్మ. ఆవిడ ఏ మిషనూ పెట్టలేదు, నాలుగు ప్రశ్నలు వేసింది. కదపాలనిపిస్తుందా? ఖాళీగా కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతుందా? నడిస్తే తగ్గుతుందా? సాయంత్రం, రాత్రి ఎక్కువా? నాలుగింటికీ అవునన్నాను. "కాళ్ళు బాగానే ఉన్నాయి, గొడవంతా పైన" అని నా తల వైపు చూపించింది. బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటే మాటవరసకి అనుకునేవాణ్ణి. ఆ రెండూ నాకే ఉన్నాయి, ముడి కూడా ఉందట. మెదడులో డోపమైన్ అనే రసాయనం తయారవాలంటే ఇనుము కావాలి. అక్కడ ఇనుము చాలకపోతే ఆ కోపం పిక్కల్లో తేలుతుంది. హిమోగ్లోబిన్ నాకు 13.8, భేషుగ్గా ఉంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ 31. ల్యాబ్ కాగితంలో అదీ నార్మలే. కానీ ఈ జబ్బున్నవాళ్ళకి 75 దాటాలట. అంటే ల్యాబువాడు పాస్ చేసిన కుర్రాణ్ణి డాక్టరమ్మ ఫెయిల్ చేసింది. మగవాడికి ఇనుము ఎటు పోతోందో తేలాలని కడుపులోకి కెమెరా కూడా దింపారు. అదో ముచ్చట, వదిలేయండి.

అంతకుముందు ఒక స్నేహితుడు డోపమైన్ తరహా మాత్ర గురించి చెప్పాడు, వేసుకున్న రాత్రే కాళ్ళు చల్లబడతాయని. అదే రాయమని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. మొదట్లో బాగా పనిచేస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ కొందరికి రాత్రి రావాల్సింది మధ్యాహ్నమే వస్తుంది, కాళ్ళది చేతులకీ పాకుతుంది అంది. తేలిగ్గా చేతికొచ్చి తర్వాత మెడకి చుట్టుకునే మా వైపు కాల్‌మనీ అప్పు సంగతి నాకు తెలుసు కాబట్టి వెంటనే అర్థమైంది. ఇనుము మాత్రలే ఖాయం చేసింది, పరగడుపున నిమ్మరసంతో. కాఫీతో పుచ్చుకుంటే ఇనుము ఒంటికి పట్టదు, పైగా కాఫీ తమరిని రెచ్చగొడుతుంది కూడా. పొద్దున్నే దర్శిని అనే టిఫిన్ హోటలు ముందు నిలబడి బై టూ కాఫీ తాగేవాణ్ణి, బెంగళూరులో నాకు మిగిలిన ఒకే ఒక్క సుఖం. ఇప్పుడు నా సగం కూడా మా కొలీగే తాగుతున్నాడు. మాత్రల వల్ల మలబద్ధకం సంగతి తమరికి అనవసరం, అది వేరే శాఖ.

నిన్నటి దాంట్లో నా తప్పు లేదా అని తమరి తరఫు లాయరు అడగొచ్చు. ఉంది. తుమ్ములొస్తున్నాయని మా అత్తగారు "ఇది వేసుకోండి అల్లుడుగారూ, బస్సులో మత్తుగా నిద్రపడుతుంది" అని జలుబు మాత్ర ఇచ్చింది. మత్తిచ్చే ఆ పాతకాలం జలుబు మాత్రలు తమరికి కల్లు పోసినట్టని డాక్టరమ్మ చీటీ మీద రాసే ఇచ్చింది. చీటీ బెంగళూరులో ఉంది. అత్తగారు ఎదురుగా ఉంది. వేసుకున్నాను. తిరుపతి దాటాక బస్సు ఆగితే టీ కూడా తాగాను.

తమరిది ఘనమైన వంశమే. 1672లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు తమలాంటివారి గురించి లాటిన్‌లో రాశాడు. పక్క మీద వీళ్ళు పడే యాతన చిత్రహింసల కొట్టంలో ఉన్నవాళ్ళకి తీసిపోదన్నాడు. ఆయన నల్లమందు ఇచ్చాడు. స్వీడన్‌కి చెందిన కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో రెస్ట్‌లెస్ లెగ్స్ అని పేరు పెట్టాడు. పేరు పెట్టడానికే 273 ఏళ్ళు. ఆ పేరు వింటే జబ్బని ఎవరూ అనుకోరు, డాన్స్ ట్రూపు అనుకుంటారు.

పేరు లేకపోయినా మా నాయనమ్మకి ఇది తెలుసు. "పిక్కలు పీకేస్తున్నాయిరా" అనేది. రాత్రి అన్నాలయ్యాక బోర్లా పడుకుని నన్ను తన పిక్కల మీద నిలబెట్టి తొక్కించుకునేది. పది నిమిషాలకి పావలా. ఆ తర్వాత పాత తువ్వాళ్ళు చింపి రెండు పిక్కలకీ బిగించి కట్టేది. అర్ధరాత్రి మెలకువ వస్తే వాకిట్లో ఆవిడ నడుస్తున్న చప్పుడు వినిపించేది, ఈ చివర నుంచి ఆ చివరకి. ముసలావిడకి నిద్రపట్టదు, ఇల్లు కాపలా కాస్తుంది అనేవాళ్ళు ఇంట్లో. దొంగల భయం లేదని మేమంతా హాయిగా పడుకునేవాళ్ళం. పగలు నేను మంచం మీద కూర్చుని ఊరికే కాళ్ళు ఊపితే మాత్రం "ఊపకురా, దరిద్రం" అని తొడ మీద ఒకటి వేసేది. ఇది వంశంలో దిగుతుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. లిఫ్టులో దిగుతుండగా గుర్తొచ్చింది నాయనమ్మ. పావలాలు తీసుకున్నాను గానీ ఆవిడ రాత్రిళ్ళు ఎందుకు నడుస్తోందని ఒక్కసారీ అడగలేదు.

అప్పుడు తొక్కింది కూడా తమరే. పుట్టిల్లు ఆవిడ దగ్గరే అయినప్పుడు తమరిని కోసి పారెయ్యలేను.

ఇప్పుడు రాత్రి ఒంటిగంట ఇరవై. జలుబు మాత్ర మత్తు ఇంకా దిగినట్టు లేదు. వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని ఈ లేఖ నిలబడే రాస్తున్నాను, నిలబడితే తమరికి అభ్యంతరం ఉండదు కాబట్టి. మా ఆవిడ దిండు మళ్ళీ పక్క గదికి వెళ్ళింది.

ఇట్లు,
తమరి కాళ్ళబేరానికి వచ్చిన
మీ వాడు

తా.క.: పాత తువ్వాలొకటి చింపాను. కడుతున్నాను. కాస్త బిగుతుగానే ఉంటుంది, ఏమనుకోవద్దు.